బాల్బెక్, బిబ్లోస్, టైర్: లెబనాన్‌లో ఏది ముందు?

గల్ఫ్ దేశాల్లో ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ల నుంచి, ఈ మధ్య హైదరాబాదు పాఠకుల నుంచి కూడా, ఒకే ప్రశ్న పదేపదే వస్తున్నది: లెబనాన్ వెళ్తే ఉన్న కొద్ది రోజుల్లో, పురాతన శిథిలాలకు పేరుమోసిన మూడు ఊళ్లలో, బాల్బెక్ చూడాలా, బిబ్లోస్ చూడాలా, లేక దక్షిణాన టైర్ దాకా వెళ్లాలా? దేశం విస్తీర్ణం 10,452 చదరపు కిలోమీటర్లు, అంటే మన ఉమ్మడి గుంటూరు జిల్లా కంటే కాస్త తక్కువే కనుక, మూడూ చుట్టేయవచ్చు కదా అనిపించడం సహజం. కానీ బాల్బెక్ కొండల అవతల బెకా లోయలో ఉంది, బిబ్లోస్ రాజధాని బీరూట్‌కు ఉత్తరాన, టైర్ దక్షిణాన ఉన్నాయి, మధ్యలో తిరగడానికి రైలు లేదు. తలా ఒక పూట కేటాయించి పరుగులు పెడితే ఫొటోలు మిగులుతాయి గానీ ఏ ఒక్కటీ మనసుకు పట్టదు. కాబట్టి ఎంపిక తప్పదు.

ముందుగా భద్రత సంగతి తేల్చుకోవాలి. 1975 నుంచి 1990 దాకా అంతర్యుద్ధం, 2006లో ఇజ్రాయెల్‌తో 34 రోజుల యుద్ధం, 2019లో మొదలైన ఆర్థిక పతనం, 2020 ఆగస్టు 4న బీరూట్ రేవులో పేలుడు, ఆపైన 2023 అక్టోబరులో ఇజ్రాయెల్ సరిహద్దున రాజుకుని 2024లో పూర్తి యుద్ధంగా మారిన పోరు: ఈ దేశం ఒక దెబ్బ నుంచి కోలుకునేలోపే మరొకటి తగులుతూ వచ్చింది. 2024 నవంబరు 27న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చిన తరువాత కూడా దక్షిణాన, బెకా లోయలో దాడులు పూర్తిగా ఆగలేదు. కనుక టికెట్లు కొనే ముందు బీరూట్‌లోని భారత రాయబార కార్యాలయం జారీచేసే సూచనలు తప్పక చదవాలి. ఆ రెండు ప్రాంతాలకూ వెళ్లవద్దని ఉంటే ఈ పోలిక అక్కడితో ముగిసినట్టే, మిగిలేది బిబ్లోస్ ఒక్కటే. ఇంకొక మాట: ఇజ్రాయెల్ వెళ్లివచ్చిన ఆనవాలు ఉన్న పాస్‌పోర్టుతో లెబనాన్‌లో అడుగు పెట్టనివ్వరు. యెరూషలేము యాత్ర చేసివచ్చిన తెలుగు క్రైస్తవులు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడూ 1984లోనే యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి కనుక ఆ ముద్ర చూసి ఎంచుకోవడానికి వీల్లేదు. ఏది పాతది అని అడిగితే బిబ్లోస్, ఏది పెద్దది అని అడిగితే బాల్బెక్, ఏ చోట జనం తాకిడి తక్కువ అని అడిగితే టైర్ అని చెప్పవచ్చు. కానీ ఇవేవీ నా లెక్కలో అసలు ప్రశ్నలు కావు. నేను చూసేది ఒక్కటే. ఆ చోట దొరికిన గొప్ప వస్తువులు, కట్టడాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయా, లేక మ్యూజియాలకో మరో మూలకో తరలిపోయాయా? దూరం నుంచి ఖర్చు పెట్టుకుని వెళ్లేవాడికి ఇదే అన్నిటికంటే ముఖ్యమని నా అభిప్రాయం. ఎందుకంటే పేరు విని వెళ్లిన చోట మనకు కనిపించేది ఖాళీ గుంట మాత్రమే అయితే, పుస్తకంలో చదువుకున్నదానికి అక్కడ అదనంగా దొరికేది కాస్త గాలి, కాస్త వెలుతురు, అంతే.

ఈ లెక్కన బాల్బెక్‌కు సాటి లేదు. బీరూట్ నుంచి దాదాపు 85 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి సుమారు 1,150 మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిలో రోమన్లు తమ దేవుడు జూపిటర్‌కు (బృహస్పతికి) కట్టిన ఆలయానికి అప్పట్లో చుట్టూ 54 స్తంభాలు ఉండేవి. ఇప్పుడు ఆరు నిలిచి ఉన్నాయి, ఒక్కొక్కటి సుమారు 20 మీటర్ల ఎత్తు. ఫొటోలన్నిటిలోనూ కనిపించేవి ఇవే. అయితే ఆ ఆరింటి కింద తలెత్తి నిలబడేవాళ్లలో చాలామంది పక్కనే నేల మీద పడి ఉన్న సింహముఖపు రాయిని దాటి వెళ్లిపోతారు. అది పైకప్పు అంచున వాననీరు బయటికి పోవడానికి అమర్చిన తూము. స్తంభాల పైన ఉన్నంతకాలం కింది నుంచి చూసేవాడికి పిడికెడంత కనిపించి ఉండే ఆ ముఖం, నేల మీద చూస్తే ఎంతో పెద్దది. కింది నుంచి ఎవరికీ సరిగా కనిపించదని తెలిసి కూడా జూలు వెంట్రుకలను పాయపాయగా చెక్కారు. పడిపోవడం వల్లనే ఆ పనితనం మన కంటికి అందింది.

పక్కనున్న, రోమన్ల ద్రాక్షసారా దేవుడు బాకస్ ఆలయాన్ని చిన్న గుడి అంటారు గానీ అది ఏథెన్సులోని పార్థినాన్ కంటే పెద్దది, రోమన్ ఆలయాల్లో ఇంత చెక్కుచెదరకుండా మిగిలినవి బహు తక్కువ. దాని ముఖద్వారం పైన, నడుమ రాయి ఒకటి 1759 నాటి భూకంపంలో కిందికి జారి, పడకుండా అక్కడే ఇరుక్కుపోయింది. 19వ శతాబ్దంలో దానికి ఆసరాగా కింద ఒక మొరటు కట్టుడు స్తంభం నిలిపారు. 1898లో జర్మనీ చక్రవర్తి రెండవ విల్హెల్మ్ వచ్చి వెళ్లిన తరువాత మొదలైన తవ్వకాల కాలంలో రాయిని సరిచేసి ఆ ఆసరా తీసేశారు. దక్షిణపు గోడకు ఒక స్తంభం కూలిపోతూ ఆనుకుని అలాగే ఉండిపోయింది. ఇవి అద్దాల వెనుక చూపించే వస్తువులు కావు. భూకంపం వదిలేసిన చోటే ఉన్నాయి. సొరంగంలాంటి గదుల్లో 1998లో తెరిచిన చిన్న మ్యూజియం కూడా ఆ ఆవరణలోనిదే, అందులోని శిల్పాలను చూసి పైకి వస్తే అవి ఉండిన చోటు ఎదురుగానే ఉంటుంది.

ఇక కదలని రాళ్ల సంగతి. ఆలయపు పునాది పడమటి గోడలో ఒక్కొక్కటి సుమారు 19 మీటర్ల పొడవు, 800 టన్నుల బరువు ఉండే మూడు రాళ్లు పక్కపక్కన పేర్చి ఉన్నాయి. ఊరి అంచున ఉన్న క్వారీలో, ‘గర్భిణి రాయి’ అని స్థానికులు పిలిచే సుమారు వెయ్యి టన్నుల రాయి, చెక్కడం దాదాపుగా పూర్తయి, ఎందుకో కదలకుండా ఆగిపోయింది. 2014లో దాని పక్కనే తవ్వితే 19.6 మీటర్ల పొడవున్న మరొకటి బయటపడింది; దాని బరువు 1,650 టన్నులు ఉంటుందని అంచనా కట్టారు. ఆలయాలు చూసి అలసిపోయి చాలామంది ఇక్కడికి రారు. నన్నడిగితే ఆ ఆలయాలు ఎలా పుట్టాయో చెప్పే పాఠం ఈ క్వారీలోనే ఉంది, ఒక అరగంట అయినా దీనికి ఉంచుకోవాలి.

బిబ్లోస్ విషయానికి వస్తే, అది నా పరీక్షలో తక్కువ మార్కులు తెచ్చుకున్నా అందరూ ఇష్టపడే ఊరు. బీరూట్ నుంచి దాదాపు 40 కిలోమీటర్లు, సముద్రపు ఒడ్డు, చిన్న రేవు, రాతి సందుల బజారు, కొండల్లో దొరికే చేపల శిలాజాలు అమ్మే దుకాణాలు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవారికి ఇంతకంటే హాయైన చోటు లేదు. ఏడు వేల ఏళ్లకు పైగా మనుషులు విడవకుండా నివసిస్తూ వచ్చిన నేల అది. ఈజిప్టు నుంచి పపైరస్, ఇక్కడి నుంచి దేవదారు కలప ఓడలెక్కి తిరిగిన రేవు అది. కానీ తవ్వకాల ఆవరణలో అడుగుపెడితే నవీన శిలాయుగపు ఇళ్ల నేలలు, కంచు యుగపు గుడి పునాదులు, రోమన్ల స్తంభాలు, పన్నెండో శతాబ్దంలో యూరప్ నుంచి వచ్చిన క్రైస్తవ యోధులు, క్రూసేడర్లు, కట్టిన కోట ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. గైడు లేకపోతే ఏది ఎప్పటిదో తెలియదు. పైగా అక్కడున్నవి కూడా అన్నీ పుట్టినచోట లేవు. 1926 నుంచి దశాబ్దాల పాటు ఇక్కడ తవ్విన ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త మోరిస్ దునాన్, అడుగున ఉన్న మరింత పాత గుడిని చూడడానికి పైనున్న రాతి సూదుల (ఒబెలిస్కుల) ఆలయాన్ని మొత్తంగా ఊడదీసి పక్కన మళ్లీ నిలిపాడు. రోమన్ రంగస్థలాన్ని కూడా సముద్రం వైపు జరిపి కట్టారు. ఆ రంగస్థలపు మెట్ల మీద కూర్చుంటే సముద్రం అద్భుతంగా కనిపిస్తుంది, కాదనను. అయితే రోమన్ ప్రేక్షకుడు చూసిన దృశ్యం అది కాదు.

బిబ్లోస్‌లో దొరికిన అన్నిటికంటే విలువైన వస్తువు అహీరాం రాజు శవపేటిక. 1923లో బయటపడిన దాని మూత అంచున చెక్కిన మాటలు ఈ తీరపు ప్రాచీన ప్రజలైన ఫినీషియన్ల లిపిలో మనకు దొరికిన అతి పాత శాసనాల్లో ఒకటి. సమాధిని కదిలించినవాడి రాజదండం విరగాలి, సింహాసనం తలకిందులు కావాలి అని అందులో శాపం ఉంది. శాపాన్ని ఖాతరు చేయకుండా దాన్ని బీరూట్ జాతీయ మ్యూజియానికి తీసుకువెళ్లారు. బిబ్లోస్‌లో చూడగలిగేది దాన్ని పైకి తీసిన లోతైన గుంట మాత్రమే. పక్క మీద రెక్కల సింహాల ఆసనంలో కూర్చుని తామరపువ్వు పట్టుకున్న రాజును చూడాలంటే బీరూట్ వెళ్లాలి. అందుకే మ్యూజియం లేని బిబ్లోస్ సగం బిబ్లోస్ అంటాను.

ఇక్కడ నా వాదానికి ఎదురు నిలిచే సంగతి ఒకటి ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. ఆ మ్యూజియం అంతర్యుద్ధంలో బీరూట్‌ను రెండుగా చీల్చిన రేఖ మీదనే ఉండిపోయింది. సాయుధులు దాన్ని స్థావరం చేసుకున్నారు. ఒక మొజాయిక్ పలకకు తుపాకీ గురిపెట్టడానికి చేసిన రంధ్రం నేటికీ అలాగే ఉంచారు. అప్పటి పురావస్తు శాఖాధిపతి మోరిస్ షెహాబ్ చిన్న వస్తువులను నేలమాళిగలో పెట్టి గోడలు మూయించి, కదిలించలేని బరువైన పేటికల చుట్టూ కాంక్రీటు పోయించాడు. యుద్ధం ముగిసిన తరువాత ఆ కాంక్రీటు పగలగొట్టి చూస్తే అహీరాం క్షేమంగా ఉన్నాడు. అదే 2024 నవంబరు 6న బాల్బెక్‌లో దాడి జరిగినప్పుడు, ఆలయాల ఆవరణ పక్కనే ఉన్న ఒట్టోమన్ కాలపు భవనం కూలిపోయింది. ఆ నెలలోనే యునెస్కో లెబనాన్‌లోని 34 వారసత్వ స్థలాలకు తాత్కాలికంగా ప్రత్యేక రక్షణ ప్రకటించింది గానీ, 20 మీటర్ల స్తంభాన్ని నేలమాళిగలో దాచలేరు, దాని చుట్టూ కాంక్రీటూ పోయలేరు. ఉన్నచోటే ఉండడం చూసేవాడికి లాభం, చూడబడేదానికి ప్రమాదం. అయినా నా ఎంపిక మారలేదు; పైగా బాల్బెక్‌ను వాయిదా వేయకూడదనడానికి ఇదొక కారణమనుకుంటాను.

టైర్ ఈ రెండింటికీ మధ్యస్థంగా ఉంటుంది. క్రీస్తు పూర్వం 332లో అలెగ్జాండర్ ఏడు నెలలు ముట్టడించి, ద్వీపంగా ఉన్న నగరానికి సముద్రంలో అడ్డంగా దారి వేశాడు; ఆ దారి చుట్టూ ఇసుక మేటవేసి ద్వీపం కాస్తా నేలతో కలిసిపోయింది. నేటి ఊరిలో కొంతభాగం ఆ ఇసుక మీదనే ఉంది. టైర్‌లోని అల్ బస్ తవ్వకాల ఆవరణలో, రోమన్ రాతిబాటకు రెండువైపులా వందలాది శవపేటికలు ఇప్పటికీ బాట పక్కనే ఉన్నాయి. బాట చివర విజయతోరణం, దాని అవతల సుమారు 480 మీటర్ల పొడవైన రథాల పందెపు మైదానం. ఉన్నచోటే ఉన్నవాటిని చూడాలనే నాలాంటివారికి బాల్బెక్ తరువాత ఇదే. జనం తక్కువ, నీడ కూడా తక్కువే. కాని సరిహద్దుకు దగ్గరలో ఉండడం వల్ల ప్రతి యుద్ధంలోనూ మొదటి దెబ్బ తగిలే ఊళ్లలో ఇదొకటి. పరిస్థితి నిజంగా కుదుటపడ్డాకనే దీని సంగతి ఆలోచించాలి.

మిగతావి క్లుప్తంగా చెబుతాను. అంజార్‌లో ఎనిమిదో శతాబ్దపు ఉమయ్యద్ ఖలీఫాల నగరం ఉంది, బాల్బెక్ దారిలోనే కనుక ఒక గంట ఆగితే చాలు. జైతా గుహలు అందమైనవే కానీ అవి మనిషి కట్టినవి కావు. ట్రిపోలీలో బ్రెజిల్ వాస్తుశిల్పి ఆస్కార్ నీమెయర్ గీసిన ప్రదర్శన ప్రాంగణం 1975లో యుద్ధం వచ్చి అసంపూర్తిగా ఆగిపోయింది, ఆధునిక కట్టడాల మీద మక్కువ ఉన్నవారికే అది.

సూచనలు అనుకూలంగా ఉంటే, మొదటి రోజు బీరూట్ మ్యూజియం, రెండో రోజు పూర్తిగా బాల్బెక్, సమయం మిగిలితే బిబ్లోస్ అన్న వరుస నాకు సరైనదనిపిస్తుంది. మ్యూజియం ముందే చూసి ఉంటారు కనుక బిబ్లోస్‌లోని ఖాళీ గుంటలు అప్పుడు అంత ఖాళీగా ఉండవు. పసిపిల్లలు వెంట ఉన్నా, ఒకటే రోజు ఉన్నా, బిబ్లోస్‌కే ఓటు వేయండి, నేనేమీ నొచ్చుకోను. బాల్బెక్‌కు చలికాలంలో వెళ్లేవారు కొండ దారి మంచుతో మూసుకుపోవచ్చని లెక్కలో పెట్టుకోవాలి. ఏప్రిల్, మే నెలలు, లేదా సెప్టెంబరు, అక్టోబరు అన్నివిధాలా మేలు. అక్కడి సఫీహా, అంటే మాంసం పెట్టి కాల్చిన చిన్న రొట్టె, పేరుమోసినది. శాకాహారులు జాతర్ మనఖీష్, అంటే మూలికల పొడి చల్లిన రొట్టె, అడగవచ్చు, అది దేశమంతటా దొరుకుతుంది. ఉదయాన్నే బయలుదేరి, ఎండ ముదరకముందే బృహస్పతి ఆలయం చూసి, క్వారీని సాయంత్రానికి ఉంచుకుంటే రోజు సరిగ్గా సరిపోతుంది.