ఫైబర్ బోటు కొనేటోళ్లు జర పైలం: పదహారు ఫీట్లని చెప్పి పద్నాలుగున్నర అంటగట్టిండు

దేవరకొండ, చందంపేట, నేరెడుగొమ్ము దిక్కు ఎవరన్న కొత్త బోటుకు అడ్వాన్స్ కట్టేదుంటే ఒక్క నిమిషం ఆగి ఇది చదువుండ్రి. నాకింకా కడుపు మండుతనే ఉన్నది, మాట తూలితే ఏమనుకోకుండ్రి. బోటు యార్డు పేరు రాయను. సాగర్ బ్యాక్‌వాటర్ల వలలేసేటోళ్లకు చెప్పే అవసరం గూడ లేదు. ఫోన్ల వీడియోలు పెట్టి "డీప్ వీ, డీప్ వీ" అని, అంటే బోటు అడుగు వీ అక్షరం తీరుగ కోసుగ ఉంటదని, చెవులు దొబ్బేటాయనే. మీకు గూడ ఆ వీడియో వచ్చే ఉంటది.

కథ మొత్తం చెప్పను. థర్మకోల్ తెప్పల మీద బతికింది ఇగ చాలనుకున్నం, నేను మా బావ కలిసి చిట్టి ఎత్తి, కొంత అప్పు జేసి బోటు తీసుకుందామనుకున్నం. ఆయన దగ్గర రెండు సైజులు: 14 ఫీట్లది, 16 ఫీట్లది. రెంటికీ మధ్య 35 వేల తేడా.

ఏది తీసుకోవాలన్న దాని మీద ఇంట్ల పెద్ద పంచాయితీనే నడిచింది. బావ 14 చాలన్నడు. ఆయన మాట తీసేసేది కాదు. సాగర్ 590 అడుగులకు నిండినప్పుడు బోటు గడ్డకే ఉంటది గని, నీళ్లు 510 దిక్కు దిగినంక ఒడ్డు ఎక్కడికో పోతది. బురద, రాళ్ల మీద బోటును గుంజుకపోవాలె. 14ది ఇద్దరం దొబ్బితే కదులుతది, 16దానికి ఇంకో ఇద్దరు కావాలె. పెట్రోలు ఖర్సు గూడ తక్కువ. నేను మాత్రం 16 అన్న. ఎందుకంటే ఏలేశ్వరం గట్టు దాటి నడి నీళ్లల్లకు పోతే అక్కడ గాలికి అడ్డం లేదు. ఆషాఢంల నల్లమల దిక్కెల్లి గాలి లేస్తే అల పెద్దగుండదు గని దగ్గరదగ్గరగ వస్తది. పొట్టి బోటు ఒక అల దిగకముందే ముక్కు ఇంకో అలల గుచ్చుతది. రెండు ఫీట్ల పొడుగు అక్కడ అక్కరకొస్తది. పైగా వలలు, ఐసు డబ్బా, ముగ్గురు మనుషులు, తిరుగుబాటల బొచ్చెలు, జిలేబీ చేపలు. ఇవన్నీ 14ల ఏసి నడి సాగర్‌ల నిలబడాలంటే నాకు భయమే.

యార్డాయనకు ఇదంత చెప్పిన. "అన్నా, మీరు చెప్పింది కరెక్ట్, మీ నీళ్లకు పదహారే, కండ్లు మూసుకొని తీస్కోండి" అన్నడు. పైసల లెక్క వాట్సాప్‌ల పంపిండు, అండ్ల 16 ఫీట్ల రేటే రాసిండు. వాయిస్ మెసేజ్ గూడ ఉన్నది, పదహారు, పదహారు అని. బిల్లు మీద మాత్రం ఏమున్నదో తెలుసా? "ఫైబర్ బోటు, పెద్ద సైజు." అంతే. పెద్ద సైజు. ఇడ్లీలా అమ్ముతున్నవు పెద్దయి, చిన్నయి అని?

బోటు దిగిన రోజు గురించి చెప్పాలె. డీసీఎం వచ్చింది. పోయినసారి పక్కూరోళ్ల పదహారు ఫీట్ల బోటు వచ్చినప్పుడు ముక్కు బయటికి ఎల్లి, దానికి ఎర్రగుడ్డ కట్టుకొని వచ్చింది. మాది బుద్ధిగ లోపట ఒదిగి కూసున్నది. అప్పుడే నా మనసుల ఏదో కలుక్కుమన్నది. డ్రైవరేమో బ్యాలెన్స్ పడితెనే డాల తీస్త అని కూసున్నడు. సంఘం పెద్దమనుషులు వచ్చి నిలబడ్డరు, మా అక్క కొబ్బరికాయ, పసుపు పట్టుకొని ఎండల నిలబడ్డది. సరే అని ఫోన్‌ల పైసలు కొట్టిన. కొట్టినంక టేపు తీసిన. నా తెలివి గంగల గలువ.

ముక్కు కొసకెల్లి మోటర్ బిగించే వెనక పలక దాక లైను గుంజి కొలిస్తే 14 ఫీట్ల 6 అంగుళాలు. బావ మళ్ల కొలిచిండు. సంఘం ప్రెసిడెంటు ఆయన టేపు తెప్పిచ్చి కొలిచిండు. మూడు టేపులు ఒక్క తీరుగనే చెప్పినయి.

ఫోన్ జేసిన, స్పీకర్ పెట్టిన. నా ఖర్మకు స్పీకర్ పెట్టిన. "అన్నా, బోటు పద్నాలుగున్నరనే ఉన్నదేంది" అన్న. మస్తు మర్యాదగ అడిగిన, ఒట్టు. దానికి ఆయన, "మోటర్ బిగించినంక కొలువు. ముందట రబ్బరు, వెనక మోటర్, అంతా కలిపితే పదహారు దాటుతది" అన్నడు. మోటర్‌ను కలిపి బోటు పొడుగు చెప్పుడు మీరెక్కడన్న విన్నరా? మోటర్ నాది, నా పైసలతోని కొన్న, అది గూడ ఆయన బోటు లెక్కలకే పోయింది. నేను మళ్ల అడగబోతే మధ్యలనే అందుకున్నడు: "టేపుతోని కొలుసుడే నీ పనైతే బట్టల దుకాణం పెట్టుకో, చేపలెందుకు నీకు?" వెనకాల పనోళ్లు నవ్విన సప్పుడు వినొచ్చింది. ఫోన్ కట్.

అడ్వాన్స్ ముందు "అన్నా, మీరు". బ్యాలెన్స్ పడ్డంక "నీకు". మా అక్క ఆ కొబ్బరికాయ అట్లనే సంచిల ఏసుకొని ఇంటికి పోయింది. ఊరంత విన్నది. 35 వేలు పోయినందుకు గాదు, ఆ బట్టల దుకాణం మాటకే నాకు నిద్ర వస్తలేదు.

కథ ఇక్కడ అయిపోతే బాగుండు. మా అక్క కొడుకు పాలిటెక్నిక్ మెకానికల్, వాడు బోటును బోర్లేయించి అడుగు జూసిండు. ముక్కు దగ్గర వీ తీరుగ మస్తు కోసుగున్నది. వెనకకు వచ్చేసరికి సాఫు. డీప్ వీ అంటే వెనక పలక దాక ఆ వాలు ఉండాలె, ఇరవై డిగ్రీల చుట్టుపక్కలన్న ఉంటెనే ఆ పేరు పెట్టాలె. దీన్ని డెడ్‌రైజ్ అంటరట. కోణం కొలిచే సామాను లేకున్న లెక్క కట్టొచ్చు. వెనక దగ్గర నడిమి గీతకెల్లి అడుగు మలుపు తిరిగే అంచు దాక అడ్డం 30 అంగుళాలుంటే, ఆ అంచు నడిమి గీతకన్న దాదాపు 11 అంగుళాలు ఎత్తుండాలె. మాది ఆరు గూడ రాలే. అంటే పొడుగుల మోసం, అడుగుల మోసం. వీడియోల ముక్కునే ఎందుకు చూపిస్తున్నడో ఇప్పుడర్థమైంది. వెనకకెల్లి తీసిన వీడియో ఒక్కటన్న ఉన్నదేమో చూడుండ్రి.

వాడే ఇంకోటి గూడ చెప్పిండు. ఈ డీప్ వీ అడుగును అమెరికాల రే హంట్ అనే ఆయన గీసిండట, 1960ల మయామి నుంచి నసావు దాక సముద్రం మీద జరిగిన రేసును అసోంటి అడుగున్న బోటే గెలిచిందట. స్పీడ్ మీద అలలను కోసుకపోవుడే దాని పని. నిలబెట్టినప్పుడు సాఫు అడుగుకన్న ఎక్కువ ఊగుతది, నీళ్ల మీదికి లేవాలంటే మోటర్ గూడ ఎక్కువ బలముండాలె. మనం రోజంతా చేసేదేంది? మెల్లగ పోవుడు, ఆపుడు, ఒక పక్కకు వంగి వల గుంజుడు. డీప్ వీ తీసుకుంటే వెడల్పు ఉన్నది, పొడుగు ఉన్నది చూసి తీసుకోవాలె. చిన్న సైజుల అది ఇంకా ఊగుతది. ఈ ముక్క అమ్మేటాయన ఒక్కనాడన్న చెప్పిండా? చెప్తే 14 ఎవరు కొంటరు.

అసలు దెబ్బ మోటర్ దగ్గర తగిలింది. 16 ఫీట్ల బోటుకు వెనక పలక 20 అంగుళాల ఎత్తని ఆయనే చెప్పిండు. అందుకే 15 హార్స్‌పవర్, లాంగ్ షాఫ్ట్ ఇంజన్, అంటే నీళ్లల్ల తిరిగే ఫ్యాను దాక కాడ పొడుగున్నది, ముందే తెచ్చి పెట్టుకున్నం. ఈ బోటు పలక 15 అంగుళాలు. అది షార్ట్ షాఫ్ట్ కొలత. లాంగ్ షాఫ్ట్ దీనికి బిగిస్తే ఐదు అంగుళాలు కిందికి ఏలాడుతది. ఫ్యాను మీద ఉండే రేకు పలక బోటు అడుగుకు సమానంగ ఉండాలె, మాది ఎక్కడో లోతుల ఉన్నది. నీళ్లను ఊకె గుంజుకపోతది, స్పీడ్ రాదు, పెట్రోలు మాత్రం తాగుతది. ఇగ గడ్డ దగ్గర మునిగిన చెట్ల మొద్దులు, రాళ్లు ఉన్న కాడ ఆ ఐదు అంగుళాలకే ఫ్యాను ఇరిగిపోతది. 20 పలకకు షార్ట్ షాఫ్ట్ పెట్టినా కష్టమే, గాలి మింగి ఉత్తగనే అరుస్తది. పలక ఎత్తు పెంచుకుందామంటే ఫైబర్ కోసి, లోపల ప్లైవుడ్ ఏసి మళ్ల మ్యాట్, రెసిన్ కొట్టాలె. దానికి మళ్ల ఎవరు కావాలె? అదే యార్డు. ఖర్సు నీదే అన్నడు, సిగ్గు లేకుంట.

మళ్లమళ్ల ఫోన్ జేస్తే ఆఖరుకు పెద్ద మనసు జేసిండు. ఐదు వేలు తగ్గిస్తడట, రెండు లైఫ్ జాకెట్లు పంపిస్తడట. ఆయన జాకెట్ ఏసుకొని నీళ్లల్ల దుంకే ధైర్యం నాకు లేదు. కొలతలో ఆ జాకెట్లు గూడ మోటర్ కలిపితెనే పూర్తి సైజేమో.

14 ఫీట్ల బోటు చెడ్డదని నేనంటలేను. వైజాగ్ కాలనీ దగ్గర గడ్డ పొంటి, వాగుల మూలలల్ల ఇద్దరు వల ఏసుకుంటే 14 బంగారం లెక్క. మా బావ మాట ఇప్పటికీ ఆ మేరకు కరెక్టే. నేను పైసలు కట్టింది మాత్రం దానికి గాదు.

"నువ్వు యాపారం జేసేటోనివి, నీకు కన్స్యూమర్ కోర్టు వర్తించదు" అని గూడ బెదిరిచ్చిండు. ఉత్త మాట. సొంత కష్టంతోని బతుకు ఎల్లదీసుకునేందుకు కొన్న సామానుకు 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారునివే. కేసు యార్డున్న కాడ ఏసే పని గూడ లేదు, మనమున్న జిల్లాలనే ఏయొచ్చు, నల్లగొండల జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 5 లక్షల లోపు కట్టిన సామానైతే ఫీజు లేదు. రెండేండ్ల లోపట ఏయాలె. నేను ముందుగాల వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ జేసి ఫిర్యాదు రాయించిన, వాట్సాప్ రేటు, వాయిస్ మెసేజ్, టేపు పెట్టి తీసిన ఫోటోలు అన్నీ దాసిపెట్టిన.

కొనేటోళ్లకు రెండు మాటలు, ఉరుకుల చెప్తున్న. బిల్లు మీద ఫీట్లు, అంగుళాలు రాయించుండ్రి: ముక్కు కొసకెల్లి వెనక పలక దాక, మోటర్ లేకుంట. వెడల్పు, పలక ఎత్తు గూడ. యార్డుకు పోయి బోర్లేసిన బోటు వెనక దిక్కు కొలుసుండ్రి. బోటు దిగి కొలిచేదాక మోటర్ కొనకుండ్రి, బ్యాలెన్స్ కొట్టకుండ్రి, డ్రైవర్ ఎంత లొల్లి జేసినా సరే.

మా 15 హార్స్‌పవర్ లాంగ్ షాఫ్ట్ ఇంజన్ డబ్బా విప్పి చూసినం గని నీళ్లల్ల ఎయ్యలే. 20 అంగుళాల పలక బోటున్నోళ్లు, షార్ట్ షాఫ్ట్ మార్చుకుందామనుకునేటోళ్లు ఉంటే చెప్పుండ్రి. ఆ యార్డుల ఈ మధ్య "పెద్ద సైజు" కొన్నోళ్లుంటే ఇయ్యాల్నే టేపు తీసి కొలుసుండ్రి. కలిసి కేసు ఏద్దాం.