లిథియం మాత్రతో తొమ్మిదేళ్లు

ఉన్మాదం తగ్గడానికి లిథియం కార్బోనేట్ 300 మిల్లీగ్రాముల మాత్రలు, రోజుకు మూడు. తొమ్మిదేళ్లుగా వేసుకుంటున్నాను. ముందు మంచి చెబుతాను. వారం రోజులు నిద్రపోకుండా, అప్పు తెచ్చి అర్ధరాత్రి భూములు బేరమాడే మనిషి ఒకడు మా ఇంట్లో ఉండేవాడు. మాత్ర పట్టాక వాడు మళ్లీ కనబడలేదు. ఆ మనిషి నేనే.

వేళ్లలో సన్నని వణుకు, తీరని దాహం, రాత్రి రెండు మూడుసార్లు లేవడం అలవాటైపోయాయి. పలాసలో జీడిపప్పు లెక్కలు రాసేవాడిని కాబట్టి ఇప్పుడు అంకెలు కాస్త పెద్దవిగా వేస్తున్నాను, అంతే.

నా ఫిర్యాదంతా నాలుగో ఏడాది వేసవి గురించి. ఒక్క మాత్ర కూడా అదనంగా మింగకుండానే నాకు విషమెక్కింది.

అరసవల్లి సూర్యనారాయణస్వామికి మొక్కుకుని ఆదివారాలు చప్పిడి తిండి మొదలుపెట్టాను. ఒంటికీ మంచిదే కదా అని తక్కిన రోజుల్లోనూ ఉప్పు తగ్గించాను. మే నెల చెమటలు సరేసరి. ఇంతలో మోకాలు పట్టేస్తే మందుల షాపులో డైక్లోఫెనాక్ తెచ్చుకుని ఐదు రోజులు వాడాను. ఏ మందులు వాడుతున్నావని వాళ్లు అడగలేదు, నేనూ చెప్పలేదు. ఆపైన విరేచనాలు పట్టుకున్నాయి. సన్నని వణుకు కాస్తా గ్లాసులో నీళ్లు ఒలికిపోయేంత ముదిరింది. నాలుక మొద్దుబారి, అడుగు తడబడుతుంటే తాగానని తోటివాళ్లు నవ్వుకున్నారు. మా ఆవిడ నవ్వలేదు, ఆటో పిలిచింది.

రక్తంలో ఎప్పుడూ 0.8 దగ్గర ఉండే లిథియం స్థాయి ఆ రోజు 1.9. సెలైన్ ఎక్కించారు. ఇంకా పెరిగితే డయాలసిస్ అన్నారు. మూత్రపిండాల జబ్బులకు పేరుపడ్డ ఉద్దానంలో పుట్టినవాడికి ఆ మాట వివరించనక్కర్లేదు.

డాక్టరుగారు చెప్పాక తెలిసింది: మూత్రపిండాలు లిథియాన్నీ సోడియంలాగే చూస్తాయి. ఒంట్లో ఉప్పూ నీరూ తగ్గితే సోడియాన్ని పొదుపు చేస్తూ దీన్నీ వెనక్కి లాక్కుంటాయి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటి నొప్పుల మాత్రలు, కొన్ని బీపీ మాత్రలు కూడా దీన్ని బయటికి పోనివ్వవు. సాధారణంగా 0.6 నుంచి 1.0 దాకా మందు, 1.5 దాటితే విషం. మధ్యలో ఉన్న చోటు ఎంత ఇరుకో చూడండి. 1949లో ఆస్ట్రేలియాలో జాన్ కేడ్ అనే మానసిక వైద్యుడు ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని రాసిన ఏడాదే, అమెరికాలో ఉప్పుకు బదులుగా గుండె రోగులు వాడిన లిథియం క్లోరైడ్ కొందరి ప్రాణాలు తీసింది. ఉప్పు మానేసినవాళ్లకే దాన్ని అమ్మారు మరి!

రక్తపరీక్షకు చివరి మోతాదు తర్వాత 12 గంటలు ఆగాలి. ల్యాబులో ఎవరూ అడగరు, పొద్దున మాత్ర వేసుకుని వెళితే అంకె తప్పుగా పెరిగి వస్తుంది. దానితోపాటు మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, థైరాయిడ్ కూడా చూపించుకుంటున్నాను. మందు ఆపమని బంధువులు చాలామందే చెప్పారు. ఆపలేదు. డాక్టరుగారే మోతాదు సరిచేశారు. వాంతులో విరేచనాలో పట్టుకుంటే ఆ పూటే ఆయనకు ఫోను చేస్తాను.

మొక్కు మా ఆవిడ తీసుకుంది. ఆదివారం ఆమె చప్పిడి తింటుంది, నా పళ్లెంలో ఆవకాయ ఉంటుంది.