పదిహేనేళ్లుగా నా క్లాసులో మోగుతున్న ఆల్బమ్: మడోనా ‘కన్ఫెషన్స్ ఆన్ ఎ డ్యాన్స్ ఫ్లోర్’

విజయవాడలో ఆడవాళ్లకి ఏరోబిక్స్ క్లాస్ నడుపుతాను. పొద్దున ఆరింటికి మొదలు, ఏడింటికి అయిపోవాలి. ఆ తర్వాత ఎవరి ఇంట్లో టిఫిన్లు, స్కూల్ బ్యాగులు వాళ్లకుంటాయి. పదిహేనేళ్లుగా వారానికి ఒక్కరోజైనా ఆ గంటలో మడోనా 2005లో తెచ్చిన ఈ ఆల్బమ్ మోగాల్సిందే. మధ్యలో ఎన్నో మార్చి చూశాను, రెండు మూడు నెలలకే మొహం మొత్తాయి. ఇదొక్కటి మొత్తలేదు.

ఎందుకంటే ఇందులో ఎక్కడా ఖాళీ లేదు. 12 పాటలు, దాదాపు 56 నిమిషాలు. ఒక పాట పూర్తికాకముందే రెండోది లోపల మొదలైపోతుంది. దీన్ని మడోనాతో కలిసి చేసిన స్టూవర్ట్ ప్రైస్ స్వయానా డీజే. లండన్‌లో ఆయన ఇంట్లోనే ఉన్న చిన్న స్టూడియోలో ఎక్కువ భాగం తయారైంది. పాటలు ఇంకా పూర్తికాకముందే వాటి మ్యూజిక్‌ని క్లబ్బుల్లో వేసి, జనం కాళ్లు ఎలా కదులుతున్నాయో చూసుకునేవాడట. అది నాకు క్లాసులో కనిపిస్తుంది. అలసిపోయారు, ఇక ఆపుతారు అనుకునే సరిగ్గా అక్కడే కొత్త బీట్ వచ్చి పడుతుంది.

ఆ అతుకుల విలువ ఒకసారి దెబ్బతిన్నాకే బాగా తెలిసింది. సీడీ గీతలు పడిందని పాటలన్నీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. మొదటి పాట అయిపోగానే ఒక్క సెకను నిశ్శబ్దం. అంతే, ఇరవై మంది గాల్లోకి లేపిన మోకాళ్లు అలాగే ఆగిపోయాయి, అందరూ నా మొహం చూశారు. ఆ సాయంత్రమే మొత్తాన్ని ఒకే ఫైల్‌గా చేయించుకున్నాను. మీరు ఫోన్‌లో వినేట్టయితే కలిపి ఇచ్చిన వెర్షనే వెతుక్కోండి. విడివిడి పాటల వెర్షన్ కూడా దొరుకుతుంది, అది వద్దు. షఫుల్ అసలే వద్దు.

మొదటి పాట ‘హంగ్ అప్’ మొదలవడం గడియారం టిక్ టిక్‌తో. వెనకాల స్వీడన్ పాప్ బృందం అబ్బా వాళ్ల 1979 నాటి ట్యూను, పక్కింటి గోడ అవతల మోగుతున్నట్టు మూసుకుపోయి వినిపిస్తుంది. మెల్లగా తలుపు తీసినట్టు మొత్తం బయటికొస్తుంది. ఆ ట్యూను వాడుకోనివ్వమని మడోనా వాళ్లకి ఉత్తరం రాసి మరీ అడిగింది. నిమిషానికి 125 బీట్లు. వార్మప్ అయిన ఒంటికి సరిగ్గా సరిపోయే వేగం. ఆ పాట వీడియోలో గులాబి రంగు లియోటార్డ్ వేసుకుని ఒంటరిగా డ్యాన్స్ చేసేటప్పటికి ఆవిడకి 47 ఏళ్లు. అదే ఏడాది ఆగస్టులో గుర్రం మీద నుంచి పడి ఎముకలు విరిగాయి. నా క్లాసులో కొత్తగా చేరి, ఈ వయసులో మా వల్ల అవుతుందా మేడం అని అడిగేవాళ్లకి ముందు ఆ వీడియో చూపిస్తాను.

‘సారీ’ పాటలో ఆవిడ రకరకాల భాషల్లో క్షమాపణ చెబుతుంది, అందులో హిందీ కూడా ఉంది. ఎప్పుడు కొత్త బ్యాచ్ వచ్చినా అక్కడ ఎవరో ఒకరు స్టెప్పు మర్చిపోయి, “మేడం, ఇప్పుడు హిందీలో అన్నదా?” అని అడుగుతారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పదో పాట, ‘ఐజాక్’. ఇందులో ఇట్జాక్ సిన్వాని అనే గాయకుడు యెమెన్ యూదుల పాత భక్తిగీతం పాడతాడు. 17వ శతాబ్దపు కవి రాసింది. దాతల తలుపులు మూసుకున్నా పైవాడి తలుపులు మూసుకోవని దాని భావం. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఆ గొంతు రాగానే హాల్లో మాటలు ఆగిపోతాయి, చెమట తుడుచుకోవడం కూడా మానేస్తారు. డ్యాన్స్ ఆల్బమ్ మధ్యలో ఇలాంటి పాట పెట్టడానికి ధైర్యం కావాలి.

‘ఐ లవ్ న్యూయార్క్’ మాత్రం నాకు ఎన్నేళ్లయినా ఎక్కలేదు. సాహిత్యం మరీ తేలిక, ఊరిని పొగడాలంటే పక్క ఊళ్లని తీసిపారెయ్యాలా? బీట్ బాగుంది కాబట్టి అక్కడ స్క్వాట్లు పెట్టి గట్టెక్కిస్తాను. ఇంకో చిన్న లోటు, ‘ఐజాక్’ తర్వాత వచ్చే రెండు పాటలు దాని ముందు కాస్త వెలవెలబోతాయి.

ఈ ఆల్బమ్‌కి 2007లో గ్రామీ సంగీత అవార్డు కూడా వచ్చింది. నాకు మాత్రం పోయిన గురువారం ఎనిమిది నిమిషాలు కరెంటు పోయినప్పుడు జరిగింది ఎక్కువ. స్పీకర్ ఆగిపోయింది. వెనక వరసలో ఉన్న అరవై రెండేళ్లావిడ, తెలుగు తప్ప వేరే భాష రాని మనిషి, ఆగకుండా చప్పట్లతో బీట్ అందుకుంది. మిగతావాళ్లు కలిశారు.