తిరుపతి వాడికి హవాయిలో గుండు

తిరుపతిలో పుట్టి పెరిగి, ముప్పై నాలుగేళ్లు విద్యుత్ శాఖ లెక్కల విభాగంలో పనిచేసి రిటైరైన నాకు గుండు కొట్టడం అంత తేలిక కాదని మొన్నటి దాకా ఒక గర్వం ఉండేది. ఊరుగాని ఊరు నుంచి వచ్చిన యాత్రికుడికి బస్టాండు ఎదుటి లాడ్జీవాడు ఏ గదిని ఏమని చెప్పి అంటగడతాడో, వేడినీళ్లకు వేరుగా, పరుపుకు వేరుగా, తాళంచెవికి వేరుగా ఎలా వసూలు చేస్తాడో చిన్నప్పటి నుంచి చూసినవాణ్ణి. అటువంటి నాకు పసిఫిక్ మహాసముద్రం నడుమ ఒవాహు ద్వీపంలో అచ్చం అదే పద్ధతిలో, కాకపోతే డాలర్లలో, నున్నగా గుండు కొట్టి పంపించారు. ఆ సంగతి రాస్తే తప్ప నాకు నిద్ర పట్టేటట్లు లేదు.

మేము అంత దూరం వెళ్లింది మా అబ్బాయి కోసం. పన్నెండేళ్లుగా అమెరికాలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న మా వాడు, ఎక్కడి నుంచైనా పని చేసుకోవచ్చునని కంపెనీ అనగానే, న్యూజెర్సీలో మకాం ఎత్తివేసి, సర్ఫింగ్ కోసం హవాయికి మారిపోయాడు. దీనికంతటికీ మూలం చెన్నై దాటాక ఉన్న కోవళం. ఇంజినీరింగ్ రోజుల్లో స్నేహితులతో కలిసి అక్కడికి వెళ్లి, జాలరి కుర్రాళ్ల దగ్గర ఒక పూట అల మీద నిలబడడం నేర్చుకుని వచ్చాడు. ఆ పూట ఇంకా ముగియలేదు. వాణ్ణి కళ్లారా చూసి రావాలన్నది మా ఆవిడ కోరిక. వాడి జమాఖర్చులు తిరగేసి, మనసు మార్చి రావాలన్నది, దాచడమెందుకు, నా ఉద్దేశం.

2024 నవంబర్ 22 తెల్లవారుజామున చెన్నైలో విమానం ఎక్కి, సింగపూర్, టోక్యోల మీదుగా ఇరవై ఎనిమిది గంటలు ప్రయాణించి, అదే 22 మధ్యాహ్నం హోనొలులులో దిగాము; తేదీ రేఖ దాటడం వల్ల మిగిలిన ఆ ఒక్కరోజు తప్ప ఈ యాత్రలో మాకు మిగిలిందేమీ లేదు. టికెట్టు మనిషికి 1,42,600 రూపాయలు.

మొదటి నాలుగు రాత్రులు హోనొలులు నగరపు వైకీకీ తీరంలో ఒక హోటల్లో గడిపాము. రాత్రికి 189 డాలర్లన్న గదికి, రిసార్ట్ రుసుము పేరుతో రోజుకు 48 డాలర్లు, మా వాడి కారు నిలిపినందుకు మరో 45 డాలర్లు కలిపారు. ఆ రుసుము దేనికని అడిగితే రెండు తువ్వాళ్లు, రెండు నీళ్ల సీసాలు చూపించారు. గది శుభ్రంగా ఉంది, మనుషులు మర్యాదస్తులు, ఎదురుగా సముద్రం, అంతకుమించి అక్కడ చెప్పవలసినది ఒక్క ముచ్చటే ఉంది. కార్తీక మాసం కనుక సముద్ర స్నానం చేయవలసిందేనని మా ఆవిడ పట్టుబట్టి మరునాడు ఉదయమే ఒడ్డుకు నడిచింది. చూస్తే అక్కడ జెల్లీ చేపలున్నాయన్న హెచ్చరిక బోర్డులు. ద్వీపపు దక్షిణ తీరానికి కుట్టే జాతి జెల్లీ చేపలు పౌర్ణమి తరువాత ఎనిమిది నుంచి పది రోజులకు గుంపుగా వస్తాయని లైఫ్‌గార్డు చెప్పాడు. మా ఆవిడ వేళ్ల మీద లెక్కకట్టి, "అంటే బహుళ అష్టమి మొదలు దశమి దాకా అన్నమాట, ఇవాళ అష్టమే కదండీ" అంది. మా వాడు ఆ మాటను అతడికి ఇంగ్లీషులో చెబితే, అతడు ఆసక్తిగా విని, ఒక చిన్న బకెట్టుతో నీళ్లు ముంచి తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె ఆ నీటినే తలమీద చల్లుకుని, నది పేర్లన్నీ చెప్పుకుని, తృప్తిపడింది. ఆ దేశంలో మాకు రుసుము లేకుండా జరిగిన మొదటి ఉపకారం అదే.

ఇక అసలు సంగతికి వస్తాను. మా వాడు ఉండేది ఉత్తర తీరంలో హలేఇవా దగ్గర, మరొక కుర్రవాడితో పంచుకున్న ఇంట్లో, తన వాటా నెలకు 1,650 డాలర్లు. ఆ ఇంటి యజమాని చుట్టాలను ఒప్పుకోడు. రిసార్ట్ ప్రాంతాలకు బయట ముప్పై రోజులకు తక్కువగా ఇల్లు అద్దెకు ఇవ్వకూడదని హోనొలులు నిబంధన. అందువల్ల ఇరవై రోజులు చాలుననుకున్న మేము ముప్పై రోజులకు ఒక గది తీసుకోవలసి వచ్చింది. ప్రకటనలో అద్దె 2,950 డాలర్లు. దాని మీద శుభ్రం చేసినందుకు 325, బుకింగ్ సేవకు 280, పన్నులు 588, వెరసి 4,143 డాలర్లు. మన డబ్బులో మూడున్నర లక్షలు. ఇవి గాక తిరిగి ఇచ్చే షరతుతో 500 డాలర్ల డిపాజిట్.

"సముద్ర దర్శనం గల విశాలమైన గది, పూర్తి వంటగది సహితం" అని ప్రకటనలో ఉంది. దర్శనం అనే మాట తిరుపతి వాడికి కొత్త కాదు. ఆ గదిలో సముద్ర దర్శనం ఎలా అయ్యేదంటే, వంటింట్లో పీట ఎక్కి, ఎడమ చెంపను కిటికీ చట్రానికి ఆనించి, మెడ సారించి చూస్తే, పక్కింటి రేకుల కప్పుకూ ఒక కొబ్బరిచెట్టుకూ నడుమ వేలెడంత నీలం కనిపించేది. మహాలఘు దర్శనంలో సైతం స్వామి ఇంతకన్నా నిండుగా కనిపిస్తాడు. పరుపు మీది దుప్పటి ఎత్తితే బూజు. సముద్రపు గాలికి గొళ్లెం తుప్పు పట్టి, తలుపు లోపలి నుంచి వేసుకుంటే బయటికి రావడానికి మా వాడికి ఫోను చేయవలసి వచ్చేది. ఆ ద్వీపమంతా యజమానులు లేని కోళ్లు వీధి కుక్కల్లా తిరుగుతాయి. మా కిటికీ కింది పుంజు తెల్లవారుజాము మూడింటికే మొదలుపెట్టేది. వీటన్నిటి మీద నేను రాసిన ప్రతి ఉత్తరానికీ మేనేజరు నుంచి వెంటనే జవాబు వచ్చేది. అది అలోహాతో మొదలై మహాలోతో ముగిసేది; నడుమ ఏమీ ఉండేది కాదు. అలోహా అంటే నమస్కారమని, మహాలో అంటే కృతజ్ఞతలని మా వాడు చెప్పాడు. బస్టాండు లాడ్జీవాడు కనీసం కసురుకుంటాడు, అప్పుడు మనమూ నాలుగు మాటలు అనవచ్చు. నవ్వుతూ ఏమీ చేయనివాణ్ణి ఏమనగలం?

మా ఆవిడ మొదటి వారం ముభావంగానే ఉండింది. తిరుమలలో మూడింటి సుప్రభాతం అక్కడ ముందురోజు పగలు పదకొండున్నరకు వస్తుంది కనుక, వంట ముగించి, ఫోనులో అది పెట్టుకుని, "స్వామి లేచే వేళకు మనకు భోజనాల వేళ, ఇదేం ఊరండీ" అని గొణుక్కునేది. ఆమె మనసు మారింది శనివారం రైతుల సంతలో. ఒక ఫిలిప్పీన్స్ ముసలమ్మ ముందు మునగాకు కట్టలు కనిపించేసరికి, పుట్టింటివాళ్లు ఎదురైనట్లు అక్కడే చతికిలబడింది. కట్ట 3 డాలర్లు. ఆ పక్కనే పోయి అనే పదార్థం అమ్ముతున్నారు. చేమగడ్డను ఉడికించి, దంచి, నీళ్లు కలిపి చేసే ముద్ద అది. ఊదా రంగులో ఉంటుంది, రెండు మూడు రోజులు నిలవ ఉంచితే పులుస్తుంది, వేళ్లతోనే తింటారు, ఒక్క వేలికి నిలిచేంత చిక్కనా, రెండు వేళ్లు కావలసినంత పలుచనా అని అడిగి ఇస్తారు. హవాయి వాళ్ల అనాది ఆహారం అదే. మా ఆవిడ దానిని గదికి తెచ్చి, చెనక్కాయల ఊరిబిండి నూరి నంజుగా పెట్టింది. నేను రాగిసంగటి తిన్నంత ఇష్టంగా తిన్నానని అబద్ధం చెప్పను, కానీ రెండవసారి పెట్టించుకున్నాను. మా వాడు ముద్ద దిగమింగి, "అమ్మా, మూడేళ్లుగా ఇక్కడుంటూ దీన్ని ఎలా తినాలో నాకు ఇప్పుడు తెలిసింది" అన్నాడు. చేమగడ్డ ముద్దా ఊరిబిండీ కలిపి ముగ్గురికి 14 డాలర్లయింది; వైకీకీలో ఒక్కరి దోసెకు అంతకన్నా ఎక్కువ ఇచ్చాము.

ధరలు చూస్తే నాకు ఒక పట్టాన అంతు చిక్కలేదు. గాలను పాలు 8.49 డాలర్లు, అంటే లీటరు 190 రూపాయలు. కరెంటు యూనిట్ నలభై సెంట్లకు పైనే. 2022లో ఆఖరి బొగ్గు కేంద్రం మూతబడ్డాక కూడా ఎక్కువ భాగం దిగుమతి చమురు మండించే తయారు చేస్తారు కనుక ఆ ధర నాకు అర్థమయింది. సరుకుల సంగతి మా వాడు చెప్పాడు. తిండి గింజలు మొదలు మేకుల దాకా ఓడలో రావలసిందే. 1920 నాటి జోన్స్ చట్టం ప్రకారం అమెరికా రేవు నుంచి అమెరికా రేవుకు సరుకు మోసే ఓడ అక్కడే తయారై, అక్కడివారి సొంతమై, వారి సిబ్బందితోనే నడవాలి. ఆ ఖర్చంతా సరుకు ధరల మీదే పడుతుందట. విచిత్రమేమిటంటే పెట్రోలు మాత్రం అప్పట్లో లీటరు 103 రూపాయల లెక్కన, తిరుపతి కన్నా చవకగా ఉండేది. అయితే కారు లేకుండా అక్కడ సర్ఫింగ్ కుదరదు, ఎందుకంటే సిటీ బస్సులో సర్ఫ్ బోర్డు ఎక్కనివ్వరు. ఆ ఊరివాళ్లే ఈ ధరలు తాళలేక వలస పోతున్నారు. 2020 జనాభా లెక్కల నాటికి హవాయి మూలవాసుల్లో సగానికి పైగా ఆ ద్వీపాల బయట, అమెరికా ప్రధాన భూభాగంలో ఉన్నారు. మా వాడి వంటి జీతగాళ్లు వచ్చి చేరడం అద్దెలకు ఆజ్యం పోయడమేనని నేను అన్నాను. వాడు కాదనలేదు.

వాడి దినచర్య నేను అనుకున్నంత అస్తవ్యస్తంగా లేదని ఒప్పుకోవాలి. న్యూజెర్సీ ఆఫీసులో ఉదయం తొమ్మిదైతే హవాయిలో తెల్లవారుజాము నాలుగు. ఆ పుంజు కూతకే లేచి, పనికి కూర్చుని, మధ్యాహ్నానికి ముగించి, సముద్రంలో దిగుతాడు. చలికాలంలో ఉత్తర తీరపు అలలు కొత్తవాళ్లకు ప్రమాదం. లోతు తక్కువ రాతిదిబ్బ మీద విరిగే పైప్‌లైన్ వంటి చోట్ల వాడు ఇప్పటికీ ఒడ్డునే నిలబడి చూస్తాడు. నీళ్లలో కూడా క్యూ ఉంటుందని నాకు అక్కడే తెలిసింది. అల ఎక్కడ విరగడం మొదలవుతుందో అక్కడికి అందరికన్నా దగ్గరగా ఉన్నవాడిదే ఆ అల. మధ్యలో దూరినవాణ్ణి ఎవరూ క్షమించరు. తిరుమల కంపార్టుమెంట్లలో గంటల తరబడి కూర్చుని, గేటు తెరవగానే మోచేతులతో దారి చేసుకునే మనవాళ్లు రెండు రోజులు ఆ ఒడ్డున కూర్చుని చూడవలసిన క్రమశిక్షణ అది.

డిసెంబర్ 22 ఆదివారం వైమియా తీరంలో ఎడ్డీ అనే సర్ఫింగ్ పోటీ జరిగింది. ఎడ్డీ ఐకౌ 1968 నుంచి అక్కడ లైఫ్‌గార్డు. 1978లో తెరచాప పడవ తిరగబడితే, తోటివారి కోసం సాయం తేవడానికి బోర్డు మీద ఈదుకుంటూ వెళ్లి తిరిగి రాలేదు. ఆయన పేరున జరిపే ఈ పోటీ అలలు 20 అడుగులకు చేరితేనే జరుగుతుంది, లేకుంటే ఏళ్ల తరబడి వాయిదా. అల ఎత్తును వెనుకవైపు నుంచి కొలవడం అక్కడి ఆనవాయితీ కనుక, 20 అడుగులంటే ఎదుటివాడికి 40 అడుగుల గోడ. అన్నిటికీ రెట్టింపు ధర చెప్పే ద్వీపంలో అలను మాత్రం సగానికి తగ్గించి చెబుతారు. కారు అయిదు కిలోమీటర్ల అవతల నిలిపి నడిచాము. మా ఆవిడ మోకాళ్ల నొప్పిని మరిచిపోయి సాయంత్రం దాకా ఇసుకలో కూర్చుంది. ఆ ఊరి కుర్రవాడు ల్యాండన్ మెక్‌నమారా గెలిచాడు. అంతకు ముందు 2023 జనవరి పోటీలో గెలిచిన ల్యూక్ షెపర్డ్‌సన్ ఆ రోజు అక్కడే డ్యూటీలో ఉన్న లైఫ్‌గార్డు. విరామంలో పోటీ చేసి, గెలిచి, మళ్లీ డ్యూటీకి వెళ్లాడట. మా శాఖలోనైతే ముందు మెమో చేతికిచ్చి, తరువాత చప్పట్లు కొట్టేవాళ్లం.

26న గది ఖాళీ చేసి వచ్చాము. పది రోజులకు డిపాజిట్‌లో 160 డాలర్లే తిరిగి వచ్చాయి. తక్కిన 340 "ఘాటైన వంట వాసన తొలగించినందుకు" మినహాయించామని రాశారు. పైన అలోహా, కింద మహాలో. పూర్తి వంటగది అని రాసి ఇచ్చిన గదిలో ముప్పై రోజులు ఇంగువ తిరగమాత పెట్టినందుకు దాదాపు ఇరవై తొమ్మిది వేల రూపాయలు! ఆ బూజు వాసనకు మేము ఎంత మినహాయించుకోవాలని అడిగాను. అలోహా వచ్చింది. డబ్బు కన్నా తన వంటను వాసన అన్నారన్నదే మా ఆవిడ బాధ. నాలుగు రోజులు ఆ పేరెత్తనివ్వలేదు.

మా వాడి ఖాతా తిరగేశాను. న్యూజెర్సీలో నెలకు 2,600 డాలర్లు మిగిలేవి, ఇక్కడ 900 మిగులుతున్నాయి. ఆ కాగితం ముందు పెడితే, "నాయనా, ఆ 1,700 ఎక్కడికి పోతున్నాయో నువ్వు వైమియాలో చూశావు కదా" అన్నాడు. మనసు మార్చడం కుదరలేదు. ఇంటి యజమాని 150 డాలర్లు అద్దె పెంచినా మరో ఏడాదికి సంతకం చేశాడు.

మళ్లీ వెళితే మే నెలలో వెళతాము. ఆ రోజుల్లో ఉత్తర తీరం మన చెరువులా నిశ్చలంగా ఉంటుందట, మా ఆవిడ స్నానానికి అనువుగా. బహుళ అష్టమి మొదలు దశమి దాకా వైకీకీ జోలికి పోము. ఎవరైనా వెళ్లేవాళ్లుంటే ఒక మాట: గది అడిగేటప్పుడు సముద్రం కనబడుతుందా అని అడగవద్దు, ఏ కిటికీలో నుంచి ఎంత మేర కనబడుతుందో ఫోటో అడగండి, ఇంగువ, ఆవాలు, ఎండుమిరపకాయలు వాడుకుంటామని పేరుపేరునా రాసి, సరేనన్న జవాబు వచ్చిన తరువాతనే డిపాజిట్ కట్టండి.