కుస్కో నుంచి మచు పిచ్చుకు నడిచి వెళ్ళాలంటే

పెరూలో ఆండీస్ కొండల మీద, స్పెయిన్‌వాళ్ళు రాకముందు అక్కడ ఏలిన ఇంకా (Inca) జాతి సామ్రాజ్యపు శిథిలాల నడుమ నడిచి, వాళ్ళ పాత కొండ నగరం మచు పిచ్చు చేరే యాత్ర తలపెట్టినవారు ముందు ఏ దారికి పేరుందో చూస్తారు, తర్వాత ఖర్చు లెక్క వేసుకుంటారు. ఎత్తు సంగతి మందుల సంచి సర్దుకునేటప్పుడు గుర్తుకొస్తుంది. ఈ వరుసను తలకిందులు చేసుకోవడమే మేలని అక్కడ నడిచి వచ్చాక నాకు ఏర్పడిన అభిప్రాయం. ఏ రాత్రి ఎంత ఎత్తులో నిద్రపోతామన్నది ముందు తేల్చుకుంటే, ఏ దారిన నడవాలి, ఏ ఊళ్ళో బస చేయాలి, ఏ సంస్థకు సొమ్ము కట్టాలి అన్నవి చాలావరకు వాటంతట అవే తేలిపోతాయి. మైదానాల్లో పుట్టి పెరిగిన మనవాళ్ళకు ఇది మరీ అవసరం. ఆంధ్ర, తెలంగాణల్లో 1,700 మీటర్లు దాటిన శిఖరం ఒక్కటీ లేదు. యాత్ర మొదలయ్యే కుస్కో నగరపు విమానాశ్రయంలో కాలు పెట్టేసరికే దానికి రెట్టింపు ఎత్తులో, సుమారు 3,400 మీటర్ల దగ్గర ఉంటాము.

లిమా సముద్రపు ఒడ్డున ఉంది. అక్కడ విమానం ఎక్కితే గంటన్నర లోపే కుస్కోలో దిగుతారు కాబట్టి ఒంటికి సర్దుకునే వ్యవధి అసలు దొరకదు. ఆ రాత్రి కుస్కోలోనే ఉండిపోయినవారిలో చాలామంది తలనొప్పితో, నిద్ర పట్టక, తిన్నది ఇమడక అవస్థ పడతారు. మేము విమానాశ్రయం నుంచి నేరుగా కారులో, ఉరుబాంబా నది వెంట సాగే పవిత్ర లోయలోకి దిగిపోయాము. ఆ లోయలోని ఊళ్ళు కుస్కో కంటే నాలుగైదు వందల మీటర్లు దిగువన ఉంటాయి. వినడానికి ఇది చిన్న తేడాలా అనిపించినా, మొదటి రాత్రి నిద్ర పట్టడానికీ పట్టకపోవడానికీ మధ్య ఉన్న తేడా ఇదేనని చెప్పగలను.

లోయలో బసకు మూడు ఊళ్ళు ఉన్నాయి. ఉరుబాంబాలో తోటల మధ్య విశాలమైన హోటళ్ళు దొరుకుతాయి గానీ ఎక్కడికి పోవాలన్నా వాహనం కావాలి. పిసాక్ సంతకు పేరున్న ఊరు. పైన కొండ మీది మెట్ల పొలాలు, కోట చూడదగినవి. మేము ఎంచుకున్నది ఒయాంతాయ్‌తాంబో. ఇంకాలు వేసిన వీధులు, రాతి గోడల పునాదులు ఇప్పటికీ వాడుకలో ఉన్న ఊరు అది. సన్నని రాతి సందుల పక్కన వాళ్ళు తవ్విన కాలువల్లో కొండనీరు రాత్రింబవళ్ళు పారుతూనే ఉంటుంది. మేము దిగిన చిన్న బసలో ఇంటావిడ ఉదయం గుమ్మం ముందు కడిగేటప్పుడు ఆ కాలువలోనే చెంబు ముంచడం కిటికీలోంచి కనిపించేది. స్పెయిన్ సైన్యాన్ని ఇంకాల రాజు మాంకో 1537లో వెనక్కు తరిమింది ఇక్కడే. గుడి కొండ మీద ఆరు పెద్ద గులాబీ రంగు రాతి పలకలు నిలబెట్టి ఉంటాయి; వాటిని నదికి అవతలి ఒడ్డున ఉన్న కొండ మీది గని నుంచి లోయలోకి దించి, నది దాటించి, మళ్ళీ పైకి ఎక్కించారు. గమ్యం చేరకుండా దారిలోనే ఉండిపోయిన రాళ్ళు ఇప్పటికీ పొలాల మధ్య పడి ఉన్నాయి. టికెట్ ఉన్న ఈ శిథిలాలకు ఎదురుగా పింకుయ్యునా కొండ మీద పాత ధాన్యపు గిడ్డంగులు ఉన్నాయి. అక్కడికి టికెట్ అక్కర్లేదు, ఎక్కుడు కష్టమే. ఒంటికి ఎత్తు ఎంతవరకు అలవాటు పడిందో పరీక్షించుకోవడానికి దానిని మించిన చోటు లేదు. రైలు స్టేషన్ దగ్గరి గదులు మాత్రం వద్దు. రాకపోకల సందడి వేకువనే మొదలవుతుంది.

ఆ తర్వాతే కుస్కో. సాన్ బ్లాస్ పేట అందంగా ఉంటుంది, కిటికీలోంచి ఊరి పెంకుటిళ్ళన్నీ కనిపిస్తాయి, కానీ ప్రతిసారీ గదికి చేరాలంటే నిట్టనిలువు రాతి మెట్లు ఎక్కాలి. మోకాళ్ళను దాచుకోవాలనుకునేవారు ప్రధాన కూడలికి దిగువన, చదునుగా ఉన్న వీధుల్లో గది తీసుకోవడం మంచిది. మధ్యతరగతి బసల్లో గదికి హీటరు ఉండకపోవడం మామూలు. జూన్, జూలై రాత్రుల్లో చలి సున్నా డిగ్రీల దాకా పోతుంది. మూడేసి దుప్పట్లు, అడిగితే వేడినీళ్ళ సంచి ఇస్తారు. ఆక్సిజన్ ఉందని ప్రకటించుకునే చోట సిలిండర్‌ను ఒకసారి చూపించమని అడగాలి. మేమున్న ఒక బసలో పక్క గది పెద్దాయనకు అర్ధరాత్రి అవసరమైతే తీరా అది ఖాళీగా ఉంది. బయటి నుంచి వైద్యుడిని పిలిపించవలసి వచ్చింది.

ఊరికి పైన ఉన్న సాక్సాయ్‌వామాన్ కోటలో నూరు టన్నులకు పైబడిన రాళ్ళను సున్నం లేకుండా పేర్చారు. దానితోపాటు పిసాక్, ఒయాంతాయ్‌తాంబో, మొరాయ్, చించెరో వంటి చోట్లకు కలిపి ఒకే టికెట్ పుస్తకం అమ్ముతారు. విడివిడిగా కొనే అవకాశం చాలాచోట్ల లేదు కనుక మొదటి రోజే తీసుకోవాలి. కొరికాంచా సూర్యదేవాలయానికి టికెట్ వేరు. దాని గోడల మీద కట్టిన సాంతో దొమింగో మఠం 1950 భూకంపంలో బాగా దెబ్బతింటే, అడుగునున్న ఇంకా గోడలు చెక్కుచెదరలేదు.

ఇక నడక దారులు. అసలైన ఇంకా దారి ఉరుబాంబా నది పక్కన రైలు మార్గపు 82వ కిలోమీటరు దగ్గర మొదలై, 43 కిలోమీటర్లకు కొంచెం అటూ ఇటూగా, నాలుగు రోజుల్లో మచు పిచ్చు చేరుతుంది. రోజుకు 500 మందికే అనుమతి. అందులో గైడ్లు, వంటవాళ్ళు, మోతగాళ్ళు పోగా యాత్రికులకు మిగిలేవి సుమారు 200. పర్మిట్ పాస్‌పోర్ట్ నంబరు మీద ఇస్తారు, ఇంకొకరి పేరుకు మారదు, లైసెన్సు ఉన్న సంస్థ ద్వారా తప్ప దొరకదు. మే నుంచి ఆగస్టు దాకా కావాలంటే నెలల ముందే డబ్బు కట్టాలి. ఫిబ్రవరిలో మరమ్మతుల కోసం దారి మూసేస్తారు. ఇంటిపేరు పూర్తిగా రాసిన పాస్‌పోర్టులున్న మనవాళ్ళు, బుకింగ్‌లోనూ పేరు అక్షరం తేడా లేకుండా అలాగే పడిందో లేదో చూసుకోవాలి. చెక్‌పోస్టు దగ్గర రెండూ సరిపోల్చి చూస్తారు.

సల్కంతాయ్ దారికి ఈ పర్మిట్ గొడవ లేదు. 6,271 మీటర్ల మంచుకొండ పక్కగా 4,600 మీటర్ల కనుమ దాటించే ఈ దారిని చాలామంది ఇంకా దారికి ప్రత్యామ్నాయంగా చెబుతారు. కొండలే కావాలనుకుంటే నిజంగానే గొప్ప దారి, కానీ శిథిలాలు చాలా తక్కువ. పైగా మామూలు ఏర్పాటులో మొదటి రాత్రే సోరాయ్‌పంపాలో, 3,900 మీటర్ల దగ్గర పడుకోబెడతారు. అక్కడి గాజు కప్పుల గుడిసెల ఫొటోలు చూసి ముచ్చటపడి, లోయలో ఒక్క రాత్రి కూడా గడపకుండా వచ్చినవారికి ఆ నక్షత్రాలు చూసే ఓపిక ఉంటుందని నేననుకోను. ఇంకా దారిలో తొలి రాత్రి సాధారణంగా 3,000 మీటర్ల దగ్గర, రెండోది 3,600 దగ్గర. కనుమ 4,215 మీటర్లు ఉన్నా, నిద్ర మాత్రం దిగువనే. ఒంటికి పడే దారి ఏదో ఈ అంకెలే చెబుతున్నాయి.

చోకెకిరావ్ సంగతి వేరు. మచు పిచ్చుకు తోబుట్టువు అనదగ్గ ఆ నగరంలో ఇప్పటికి బయటపెట్టింది కొంత భాగమే, మిగిలినది అడవి కిందే ఉంది. రైలు లేదు, బస్సు లేదు. కచోరా ఊరి వైపు నుంచి అపురిమాక్ నది దాకా దాదాపు 1,500 మీటర్లు దిగి, అవతలి గట్టు మీద మళ్ళీ అంతా ఎక్కాలి, తిరిగి అదే దారిన రావాలి. ఎత్తు సమస్య ఇక్కడ తక్కువే. సమస్యల్లా ఎండ, నది దగ్గరి దోమల్లాంటి చిన్న పురుగులు, మోకాళ్ళు. కొండవాలు మీది మెట్ల గోడల్లో తెల్లరాయితో పొదిగిన లామా బొమ్మలు అక్కడ తప్ప మరెక్కడా లేవు. శిథిలాల కోసమే ప్రాణం పెట్టేవారికి, జనాన్ని చూస్తే చిరాకు పడేవారికి ఇదే సరైన దారి. మొదటిసారి కొండలెక్కేవారికి మాత్రం నేను చెప్పను. లారెస్ దారి ఊళ్ళు, నేతపని, వేడినీటి గుండాలు చూడాలనుకునేవారికి బాగుంటుంది, శిథిలాల యాత్రగా దాన్ని లెక్కించలేము.

మేము ఇంకా దారినే నడిచాము. రెండో రోజు వార్మివాన్యుస్కా కనుమకు ఒక్క ఊపున 1,200 మీటర్లు ఎక్కాలి. అలిపిరి మెట్లు అలవోకగా ఎక్కేవారు కూడా ఇక్కడ ఇరవై అడుగులకొకసారి ఆగుతారు, ఎందుకంటే ఆ ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే ఇంచుమించు అరవై శాతమే. అయినా అలిపిరి అభ్యాసం వృథా కాదు. దాదాపు 3,550 మెట్లు ఎక్కడంతో సరిపెట్టకుండా కాలినడకనే దిగడం కూడా అలవాటు చేసుకుంటే అసలు లాభం కనిపిస్తుంది. కనుమ దాటిన తర్వాత ఇంకాలు వేసిన రాతి మెట్లు ఒకటి జానెడు, ఒకటి మూరెడు ఎత్తు ఉంటాయి. తడిగా ఉంటే నున్నగా జారతాయి. చేతికర్రలకు రబ్బరు తొడుగులు లేనిదే ఆ దారిలో వాడనివ్వరు. మూడో రోజు రుంకురాకాయ్, సాయాక్‌మార్కా, ఫుయుపాతామార్కా శిథిలాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. ఆ సాయంత్రం చేరే విన్యాయ్ వైనాలో వంపు తిరిగిన మెట్ల పొలాలు, వాటి పక్కన వరుసగా దిగే స్నానపు తొట్లు ఉన్నాయి. మచు పిచ్చులో కంటే ఇక్కడే ఎక్కువసేపు కూర్చున్నాము, అడ్డొచ్చేవారు కూడా లేరు. మోకాళ్ళు సహకరించనివారు 104వ కిలోమీటరు దగ్గర రైలు దిగే రెండు రోజుల చిన్న దారిలో దీన్ని చూడవచ్చు.

సంస్థను ఎంచుకునేటప్పుడు ధర కంటే ముందు అడగవలసింది మోతగాళ్ళ గురించి. ఒక్కొక్కరి మోత 20 కిలోలకు మించకూడదని చట్టం ఉంది, దారి మొదట్లో తూకం వేస్తారు. వాళ్ళకు పడక టెంటు, భోజనం, చలికోట్లు ఎవరిస్తున్నారని అడిగితే సూటిగా జవాబు చెప్పలేని సంస్థకు, ధర ఎంత తగ్గినా, డబ్బు కట్టకపోవడమే మంచిది. భోజనం విషయంలో శాకాహారులకు ఇబ్బంది లేదు: అన్నం, బంగాళాదుంప, కినువా గింజలు, మొక్కజొన్న పుష్కలం. అయితే మాంసం వద్దంటే కోడి, చేప పర్వాలేదని అర్థం చేసుకుంటారు, సూప్‌ను కోడి రసంతో చేస్తారు. కాబట్టి ఏవేవి తినరో ఒక్కొక్కటిగా బుకింగ్‌లోనే రాయించాలి. ఆ ఎత్తులో నీళ్ళు తొంభై డిగ్రీల లోపే మరుగుతాయి కనుక మా వంటాయన ప్రెషర్ కుక్కర్ మోయించుకొచ్చాడు. మూడో విజిల్‌కు అందరూ టెంట్లలోంచి తలలు బయటపెట్టేవారు. మనం తీసుకెళ్ళే కందిపొడి సీలు వేసిన ప్యాకెట్‌లో ఉండాలి, విమానాశ్రయంలో చూపించాలి.

ఎత్తుకు మందు కావాలంటే అసెటజోలమైడ్ గురించి బయలుదేరేముందే వైద్యుడిని అడగాలి. సల్ఫా మందులు పడనివారు ముఖ్యంగా చెప్పాలి. కోకా ఆకుల టీ ప్రతి బసలోనూ ఇస్తారు, హాయిగా ఉంటుంది, కానీ అది మందుకు బదులు కాదు. నడక తూలినా, మాట తడబడినా, కూర్చున్నప్పుడు కూడా ఆయాసం తగ్గకపోయినా చేయవలసింది ఒక్కటే, వెంటనే కిందికి దిగడం.

మచు పిచ్చు లోపల ఇప్పుడు మూడు సర్క్యూట్లు, అంటే నిర్ణయించిన నడక మార్గాలు, ఉన్నాయి, కొన్న సర్క్యూట్ దాటి వెళ్ళనివ్వరు. ఇంకా దారి పర్మిట్‌లో ప్రవేశం కలిసే ఉంటుంది; ఏ సర్క్యూట్ అన్నది సంస్థను ముందే అడగాలి. వైనా పిచ్చు శిఖరానికి టికెట్ వేరు. కింద ఉన్న అగ్వాస్ కాలియెంతెస్ ఊళ్ళో భోజనం ఖరీదెక్కువ, రుచి తక్కువ. ఒక్క రాత్రికి మించి ఉండనవసరం లేదు.

భారతీయ పాస్‌పోర్టు ఉన్నవారికి పెరూ వీసా కావాలి. అమెరికా, కెనడా, బ్రిటన్, ఆస్ట్రేలియా, షెంగెన్ దేశాల వీసా కనీసం ఆరు నెలల గడువుతో ఉన్నవారికి, ఆ దేశాల్లో శాశ్వత నివాసం ఉన్నవారికి మినహాయింపు ఉంది. అమెరికాలో పనిచేస్తున్న మనవాళ్ళు ఇక్కడ జాగ్రత్త పడాలి: ఉద్యోగ అనుమతి పత్రం చెల్లుతున్నంత మాత్రాన సరిపోదు, పాస్‌పోర్టులోని వీసా ముద్ర గడువు చూసుకుని, టికెట్లు కొనకముందే పెరూ కాన్సులేట్‌ను అడగాలి. ఇండియాకు తిరిగి వచ్చేవారికి పసుపు జ్వరం టీకా పత్రం తప్పనిసరి, ఎందుకంటే మన ప్రభుత్వ జాబితాలో పెరూ ఉంది. పత్రం లేకుండా దిగితే ఆరు రోజుల దాకా క్వారంటైన్‌లో ఉంచవచ్చు. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే అది చెల్లుతుంది. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎంలో (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్) వేస్తారు. అరవై దాటినవారు ముందుగా వైద్యుడి సలహా తీసుకోవాలి. కుస్కో సంతలో కొన్న కోకా ఆకుల పొట్లం ఏదైనా సంచి అడుగున మిగిలి ఉంటే లిమాలోనే పారేయాలి. పెరూలో అది మామూలు సరుకే, ఇండియాలోనూ అమెరికాలోనూ నేరం.