హారర్ గేమ్ లాంచ్ ప్యాకేజీ కొనబోయేవాళ్లు జాగ్రత్త! తిరుపతిలో మాకు జరిగింది చదివాకే డబ్బు కట్టండి

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల సొంతంగా గేమ్స్ చేసుకుంటున్నవాళ్ల కోసం ఈ పోస్ట్. ముఖ్యంగా హారర్, 18+ కంటెంట్ ఉన్న గేమ్ రిలీజ్‌కి రెడీ అవుతున్నవాళ్లు పూర్తిగా చదవండి. "గేమ్ లాంచ్ ప్యాకేజీ" అని ఒక డిజిటల్ మార్కెటింగ్ ఆఫీసు మన రెండు జిల్లాల్లో తిరిగి అమ్ముతోంది. మేం కొన్నాం. 68,000 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 80,240. అందులో సగం, కంప్యూటర్ గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో ఎవరికైనా ఉచితంగా దొరికేదే. మిగతా సగం వల్ల గేమ్‌కి ఉన్న పేరు కూడా పోయేటట్టు అయింది.

ఆఫీసు పేరు రాయడం లేదు, కంప్లైంట్ నడుస్తోంది. మా గేమ్ పేరు కూడా రాయను, ఇదీ ఒక ప్రమోషనే అనేవాళ్లు ఉంటారు. మూతపడిన చక్కెర ఫ్యాక్టరీలో రాత్రిపూట కాపలా కాసే మనిషి కథ అది. చిత్తూరు జిల్లా వాళ్లకి చెరకు గానుగ గురించి చెప్పక్కర్లేదు. ఆ గానుగలో చెరకు కాకుండా వేరేది పడితే ఎట్లుంటుందో, అదే మా గేమ్. రక్తం ఉంది, ఒక ఆత్మహత్య సీన్ ఉంది. పిల్లలు ఆడేది కాదు, మేమే అందరికీ ముందు ఆ మాట చెప్తాం.

మేం ముగ్గురం. ఇద్దరికి పగలు ఉద్యోగాలు, ఒకతను మాత్రం ఉద్యోగం మానేసి పూర్తిగా దీని మీదే ఉన్నాడు. కోడ్ రాసుకోవడం, బొమ్మలు వేసుకోవడం వచ్చు గానీ ఊరంతా తిరిగి చెప్పుకునే తీరిక లేదు. ఇలాంటివాళ్ల కోసమే ఆ ఆఫీసు ఈ ప్యాకేజీ తయారుచేసింది.

ముందుగా వాళ్లు పట్టుకున్నది 18+ అనే మాటని. "అన్నా, కొత్త చట్టం వచ్చింది కదా, సర్టిఫికేట్ లేకుండా ఇలాంటి గేమ్ వదిలితే కేసవుతుంది. మేం తెప్పిస్తాం, మీరు టెన్షన్ పడొద్దు" అన్నాడు ఆఫీసులో కుర్రాడు. దానికి బిల్లులో 9,500. వచ్చింది ఒక పీడీఎఫ్. పైన మూడు సింహాల్ని గుర్తుచేసే లోగో, కింద నీలం సీలు, మధ్యలో తప్పు స్పెల్లింగ్‌తో మా గేమ్ పేరు. ఇచ్చింది ఎవరా అని చూస్తే, అదే ఆఫీసు పేరుని కాస్త అటూ ఇటూ మార్చి చివర "కౌన్సిల్" అని తగిలించారు.

సినిమాలకి మన దగ్గర సెన్సార్ బోర్డు ఉంది, గేమ్స్‌కి అలాంటి బోర్డు లేదు. 2025 ఆగస్టులో వచ్చిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నిషేధించింది డబ్బు పెట్టి ఆడే ఆటల్ని. ఒకసారి కొనుక్కుని ఇంట్లో ఆడుకునే కథ గేమ్ కోసం ఆ చట్టం పేరు చెప్పి పదివేలు అడిగితే అది బెదిరింపే. స్టీమ్‌కి కావాల్సింది కంటెంట్ సర్వే. మీ అకౌంట్‌లోనే ఉంటుంది, రూపాయి ఖర్చు లేదు. హింస ఎంత, లైంగిక కంటెంట్ ఉందా, మత్తు పదార్థాలు చూపిస్తున్నారా అని అడుగుతుంది. చివర్లో ఆ కంటెంట్ ఏమిటో మీ మాటల్లో రాయాలి, కొనేవాళ్లకి స్టోర్ పేజీలో కనిపించేది అదే. ఏఐ వాడి ఉంటే ఆ సంగతీ అక్కడే చెప్పాలి. ఈ సర్వే నింపకపోతే నష్టం నిజంగానే ఉంది: 2024 నవంబర్ 15 నుంచి వయసు రేటింగ్ లేని గేమ్స్‌ని జర్మనీలో కస్టమర్లకి చూపించడం లేదు. గూగుల్ ప్లేలో పెట్టేవాళ్లకి కూడా ఐఏఆర్‌సీ (వయసు రేటింగ్ ఇచ్చే అంతర్జాతీయ సంస్థ) ప్రశ్నలు, డెవలపర్లు యాప్స్ పెట్టుకునే ప్లే కన్సోల్‌లోనే వస్తాయి, జవాబులిస్తే రేటింగ్ ఉచితంగా వస్తుంది. మా ఏజెన్సీ ఆ సర్వే సంగతి ఎత్తనే లేదు. మేమే చూసుకుని నింపుకున్నాం.

ఇక కీస్ సంగతి. నా లెక్కలో అసలు దెబ్బ ఇదే, కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

"యూట్యూబర్లకి, క్యూరేటర్లకి పంపాలి" అని రెండొందల స్టీమ్ కీస్ అడిగారు. కీ అంటే స్టీమ్‌లో కొడితే గేమ్ మన అకౌంట్‌లోకి వచ్చే కోడ్, క్యూరేటర్లంటే స్టీమ్‌లో గేమ్స్‌ని సిఫారసు చేసే పేజీలు నడిపేవాళ్లు. హారర్‌కి స్ట్రీమర్లే ప్రాణం కాబట్టి ఎవరికైనా సబబుగానే అనిపిస్తుంది. ఎవరెవరికి పంపారో లిస్టు అడిగితే ఎక్సెల్ షీటు ఇచ్చారు. అందులో తెలుగు గేమింగ్ ఛానెళ్ల పేర్లు చాలానే ఉన్నాయి. వాళ్లలో కొందరికి, ఛానెల్ పేజీలో వాళ్లు పెట్టుకున్న మెయిల్ ఐడీకే మేం నేరుగా రాశాం. జవాబిచ్చిన ప్రతి ఒక్కరూ ఒకే మాట: ఈ ఏజెన్సీ ఎవరో తెలియదు, కీ ఏదీ రాలేదు. ఒకాయన పాపం "ఇప్పుడు పంపండి బ్రదర్, ఆడతాను" అని పంపించుకుని, చెప్పినట్టే ఒక రాత్రి లైవ్‌లో ఆడాడు. మా గేమ్‌కి జరిగిన నిజమైన ప్రమోషన్ ఏదైనా ఉందంటే అదొక్కటే, అదీ ఫ్రీగా.

మరి ఆ కీస్ ఏమయ్యాయి? స్టీమ్‌లో డెవలపర్ల కోసం ఉన్న స్టీమ్‌వర్క్స్ సైట్‌లో ఒక్కో కీ కొట్టి, అది యాక్టివేట్ అయిందో లేదో చూసుకోవచ్చు. చాలా వరకు యాక్టివేట్ అయి ఉన్నాయి. అదే వారంలో మా గేమ్ ఒక కీ రీసేల్ సైట్‌లో మేం పెట్టిన ధరలో నాలుగో వంతుకి కనిపించింది. ఫ్రీ కాపీ అని ఇచ్చింది మా నెత్తి మీదే తక్కువ ధర దుకాణం పెట్టింది. కొన్ని కీస్‌తో రివ్యూలు కూడా వచ్చాయి. "చాలా భయంకరమైన గేమ్, అందరూ ఆడండి" అనే ఒకే వాక్యం, పదాలు అటూ ఇటూ మార్చి. రెండు గంటల తేడాలో వరసగా పడ్డాయి. గేమ్ ఆడిన సమయం చూస్తే ఆరు నిమిషాలు, ఏడు నిమిషాలు. మా గేమ్‌లో ఫ్యాక్టరీ గేటు తెరుచుకోవడానికే పది నిమిషాలు పడుతుంది.

ఆ రివ్యూల వల్ల స్కోరైనా పెరిగిందా అంటే అదీ లేదు. కీతో యాక్టివేట్ చేసినవాళ్ల రివ్యూలని స్టీమ్ 2016 సెప్టెంబర్ నుంచి స్కోరు లెక్కలోకి తీసుకోవడం లేదు. పేజీలో కనిపిస్తాయి, లెక్కలో ఉండవు. స్టీమ్‌లోనే డబ్బిచ్చి కొన్నవాళ్ల రివ్యూలు కనీసం పది ఉంటేనే "పాజిటివ్" లాంటి మాట కనిపిస్తుంది. అంటే ఏజెన్సీలు "యాభై రివ్యూలు గ్యారంటీ" అని అమ్మే సరుకుకి విలువ సున్నా. సున్నా అయినా బాగుండేది. డబ్బిచ్చి రాయించిన రివ్యూలు పట్టుబడితే పోయేది డెవలపర్ అకౌంటే. 2018 ఫిబ్రవరిలో మాల్టాకి చెందిన ఇన్‌సెల్ గేమ్స్ అనే కంపెనీ తన ఉద్యోగుల చేత గేమ్ కొనిపించి రివ్యూలు రాయించాలని చూసింది. ఆ సంగతి బయటపడగానే స్టీమ్‌ని నడిపే వాల్వ్ ఆ కంపెనీ గేమ్స్‌ని స్టోర్ నుంచి తీసేసింది. మాకు ఆ భయంతో కొన్ని రాత్రులు నిద్ర లేదు. ఈ రివ్యూలు మేం అడిగినవి కావని స్టీమ్ సపోర్ట్‌కి మేమే ముందుగా రాసి పెట్టుకున్నాం.

క్యూరేటర్లకి పంపడానికి కీస్ అసలు అక్కర్లేదు. స్టీమ్‌లోనే క్యూరేటర్ కనెక్ట్ ఉంది, వంద మంది దాకా క్యూరేటర్లకి గేమ్‌ని నేరుగా వాళ్ల అకౌంట్‌కే పంపొచ్చు. అమ్ముకోవడానికి వాళ్ల చేతికి కీ రాదు. "నేను పెద్ద క్యూరేటర్‌ని, అయిదు కీస్ పంపండి" అని మీకు మెయిల్స్ వస్తాయి, రిలీజ్ రోజున వరద లాగా వస్తాయి. వాటన్నిటికీ క్యూరేటర్ కనెక్ట్‌లోనే పంపిస్తాం అని ఒక్క జవాబు చాలు.

ట్రైలర్ కూడా వాళ్లే కట్ చేశారు. గానుగ సీన్లన్నీ ఏరి మొదటి ఇరవై సెకన్లలో కుక్కారు. భయపెట్టడం అంటే రక్తం చూపించడమే అనుకునే రకం, ఏం చేస్తాం. యూట్యూబ్ దానికి వయసు పరిమితి పెట్టింది. అలా పెట్టిన వీడియో లాగిన్ కానివాళ్లకి కనిపించదు, వేరే వెబ్‌సైట్లలో అతికిస్తే చాలా చోట్ల ప్లే కాదు. అంటే వార్తల సైట్లకి మేం పంపిన ప్రెస్ మెయిల్‌లో ట్రైలర్ ఉన్న చోట నల్ల డబ్బా. తర్వాత మేమే కూర్చుని చీకటి, శబ్దం, వాచ్‌మన్ టార్చి వెలుతురు మాత్రం ఉంచి వేరేది కట్ చేసుకున్నాం. స్టీమ్‌లో కూడా గేమ్ ఎంత 18+ అయినా స్టోర్‌లో కనిపించే ముఖచిత్రం అందరూ చూడగలిగేలా ఉండాలి, ఈ ఏజెన్సీ వేసిన రక్తపు చెయ్యి అక్కడ పనికిరాదు.

ఆ రక్తపు చెయ్యి గురించే ఇంకో మాట. "లోకల్‌గా వైరల్ చేస్తాం" అని మమ్మల్ని అడగకుండా ఒక పోస్టర్ చేసి తిరుపతి పేజీల్లో వేశారు. ముందు రక్తం కారే చెయ్యి, వెనక గుడి గోపురం నీడ. మా గేమ్‌లో గుడి లేదు, దేవుడు లేడు, కొండ లేదు. ఈ ఊర్లో అలాంటి బొమ్మ వేస్తే ఏమవుతుందో ఇక్కడ పుట్టినవాడికి ఎవరూ చెప్పక్కర్లేదు. కింద కామెంట్లు మొదలయ్యాయి, మా అమ్మకి బంధువుల ఫోన్లు మొదలయ్యాయి. "ఏందిరా ఇది, మనింట్లో పుట్టి ఇట్లాంటివా" అని మా పెదనాన్న అరిచిన అరుపు నాకింకా చెవుల్లో ఉంది. ఆ పేజీ నడిపేవాళ్లని మేమే బతిమాలి తీయించాం. ఏజెన్సీ కుర్రాడి జవాబు: "కాంట్రవర్సీ వస్తేనే కదన్నా రీచ్ వచ్చేది." మీరు ఎవరితో అగ్రిమెంట్ రాసుకున్నా, మీరు రాతపూర్వకంగా సరే అనకుండా ఒక్క బొమ్మ కూడా బయటికి వెళ్లకూడదని అందులో రాయించుకోండి.

రీచ్ అంటే గుర్తొచ్చింది. రిపోర్టులో అరవై వేల వ్యూస్ అని చూపించారు. మేం వాళ్లకి ఇచ్చిన లింకు యూటీఎమ్ లింకు (ఎక్కడి నుంచి వచ్చారో తెలిపే గుర్తు ఉన్నది), ఆ లింకు నుంచి స్టోర్ పేజీకి ఎంతమంది వచ్చారో స్టీమ్‌వర్క్స్‌లో కనిపిస్తుంది. నలభై మంది కూడా లేరు. ఇది పెట్టడానికి ఖర్చేమీ లేదు, డబ్బు కట్టేముందే "మా లింకే వాడాలి" అని చెప్పండి. తల అడ్డంగా ఊపితే అక్కడితో మాట్లాడటం ఆపేయండి.

ప్యాకేజీలో "రీఫండ్ ప్రొటెక్షన్" అని కూడా ఒక లైను ఉంది. కొన్న 14 రోజుల్లోపు, రెండు గంటలు ఆడకముందు ఎవరైనా రీఫండ్ అడగొచ్చు, అది స్టీమ్ నియమం. గంటన్నరలో అయిపోయే హారర్ గేమ్స్‌కి ఇది పెద్ద తలనొప్పే, పూర్తిగా ఆడేసి డబ్బు వెనక్కి తీసుకునేవాళ్లు ఉంటారు. కానీ దాన్ని ఆపగలిగే ఏజెన్సీ భూమ్మీద లేదు. అట్లాగే "నెక్స్ట్ ఫెస్ట్‌లో స్లాట్" అని అమ్ముతున్నారు. అది రాబోయే గేమ్స్ డెమోలని, అంటే ఉచితంగా ఆడి చూసే చిన్న భాగాలని, స్టీమ్ చూపించే పండగ. నెక్స్ట్ ఫెస్ట్‌కి మీరే ఉచితంగా నమోదు చేసుకోవచ్చు, డెమో ఉండాలి, ఒక గేమ్‌కి ఒక్కసారే అవకాశం. వాళ్ల తొందరకి సగం చేసిన డెమోతో వెళితే ఉన్న ఒక్క అవకాశం పోతుంది.

చిత్తూరులో మా ఫ్రెండ్ ఒకతనికి జరిగింది ఇంకా ఘోరం. గేమ్‌ని ఏజెన్సీ స్టీమ్ అకౌంట్ మీదే పెట్టించారు, "పదిరోజుల్లో రిలీజ్ చేస్తాం" అని. స్టీమ్‌లో ఒక గేమ్‌కి ఫీజు 100 డాలర్లు, కట్టాక 30 రోజులు ఆగాలి, స్టోర్ పేజీ కనీసం రెండు వారాలు "త్వరలో వస్తోంది" అని ఉండాలి. కొత్తగా ఫీజు కట్టి పదిరోజుల్లో రిలీజ్ అన్నవాడు అబద్ధం చెప్తున్నాడు, లేదా ఎప్పుడో కట్టి పెట్టుకున్న వేరే అకౌంట్‌లో మీ గేమ్‌ని తోస్తున్నాడు. అప్పుడు అమ్మిన డబ్బు నెలనెలా వెళ్లేది వాళ్ల బ్యాంకుకే. గేమ్‌ని మన అకౌంట్‌కి మార్చే వీలుంది గానీ ఆ రిక్వెస్టు పెట్టాల్సింది వాళ్లే. మా ఫ్రెండ్ ఇప్పటికీ వాళ్ల చుట్టూ తిరుగుతున్నాడు. అకౌంట్ మీ పేరు మీద, మీ పాన్‌తో, మీ బ్యాంకుతోనే తెరవండి.

బిల్లు సంగతి చెప్పి ముగిస్తాను. జీఎస్టీ నంబర్‌లో పదిహేను అక్షరాలుంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి, ఆంధ్రప్రదేశ్‌కి 37. మా బిల్లు మీద 36తో మొదలైంది, అది తెలంగాణ. జీఎస్టీ పోర్టల్‌లో లాగిన్ లేకుండానే నంబర్ కొట్టి చూడొచ్చు. కొడితే ఎవరిదో టైల్స్ షాపు పేరు వచ్చింది. మా దగ్గర జీఎస్టీ అని వసూలు చేసిన 12,240 ఎటు పోయిందో మీరే ఊహించుకోండి. డబ్బు కూడా కంపెనీ ఖాతాకి కాకుండా ఒక మనిషి పేరు మీదున్న యూపీఐకి వేయించుకున్నారు.

ఇప్పటికే మోసపోయినవాళ్లు ఉంటే, డబ్బు ఈమధ్యే పంపినట్లయితే ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి, ఎంత తొందరగా చేస్తే అంత మంచిది. మేం వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915లో చెప్పి, తర్వాత ఆన్‌లైన్‌లో ఫిర్యాదులు వేసే ఈ-జాగృతి పోర్టల్‌లో జిల్లా వినియోగదారుల కమిషన్‌కి ఫిర్యాదు పెట్టాం. చెల్లించిన మొత్తం అయిదు లక్షల లోపైతే ఫీజు లేదు, మనం ఉండే ఊర్లోనే వేయొచ్చు. "మీరు వ్యాపారం కోసం కొన్నారు, వినియోగదారులు కారు" అని అవతలివాళ్లు వాదిస్తారు, మాతో అప్పుడే అన్నారు. స్వయం ఉపాధితో బతికేవాళ్లకి చట్టంలో మినహాయింపు ఉంది కాబట్టి ఫిర్యాదు ఉద్యోగం మానేసిన మావాడి పేరుతో వేశాం. వాట్సాప్ చాట్లు, యూపీఐ రసీదులు, ఆ ఎక్సెల్ షీటు, యూట్యూబర్ల జవాబులు అన్నీ ప్రింట్ తీసి జతచేశాం.

ఇదే ప్యాకేజీకి అడ్వాన్స్ ఇచ్చి ఉన్నవాళ్లు మిగతా డబ్బు ఆపండి. కీస్ ఇంకా ఇవ్వకపోతే ఒక్కటి కూడా ఇవ్వకండి. ఇచ్చేసి ఉంటే ఇవాళే కూర్చుని ఏవి యాక్టివేట్ అయ్యాయో చూసి, ఆ లిస్టు స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి.