బయాలజీకా, కెమిస్ట్రీకా? బైపీసీలో ఎక్కువ టైమ్ దేనికిస్తే మేలు?

పదో తరగతి ఫలితాలు రాగానే మా మిర్యాలగూడ వైపు తల్లిదండ్రులు అనే మాట ఒకటుంది: "మా పిల్లకు లెక్కలు రావు సార్, బైపీసీల ఏస్తున్నం." ట్యూషన్ చెప్పుకునే నాకు నవ్వొస్తుంది. ఆ లెక్కలు ఎక్కడికీ పోలేదు, కెమిస్ట్రీ పుస్తకంలో మోల్ కాన్సెప్ట్ (కంటికి కనిపించని పరమాణువుల్ని, అణువుల్ని బరువును బట్టి లెక్కపెట్టే పద్ధతి) పేరుతో కూర్చుని ఉన్నాయి.

బడిలో ఉన్నన్నాళ్లూ ఈ సంగతి తెలియదు. పదో తరగతి భౌతిక రసాయన శాస్త్రంలో కటకాలు, కరెంటు పాఠాల మధ్య ఆమ్లాలు, క్షారాలు, పరమాణు నిర్మాణం ఇరుక్కుని ఉంటాయి. జీవశాస్త్రానికేమో సొంత పుస్తకం. అందుకే పిల్లలకు బయాలజీతో ఉన్న చనువు కెమిస్ట్రీతో ఉండదు. ఇంటర్‌లో చేరాక కూడా చనువున్న చోటే ఎక్కువసేపు కూర్చుంటారు.

మార్కులు చూస్తే వాళ్లదే కరెక్ట్ అనిపిస్తుంది. నీట్‌లో 720 మార్కులకు బయాలజీకే 360, కెమిస్ట్రీకి 180. మన ఎప్‌సెట్ అగ్రికల్చర్, ఫార్మసీ పేపర్లో 160కి బయాలజీ 80, కెమిస్ట్రీ 40. సగం మార్కులు ఒక్కచోటే ఉంటే సగం టైమ్ అక్కడే పెట్టాలిగా?

నేనైతే మొదటి సంవత్సరంలో అలా వద్దంటాను. బయాలజీలో వెనకబడ్డ పిల్లలు చివరి మూడు నెలలు పుస్తకాన్ని గట్టిగా పట్టుకుని లేవడం చాలాసార్లు చూశాను. విసర్జన పాఠం రాకపోయినా జన్యుశాస్త్రం చదువుకోవచ్చు. కెమిస్ట్రీలో అలా కాదు. మోల్ అర్థం కాకపోతే ద్రావణాలు రావు, సమతాస్థితి రాదు, రెండో సంవత్సరంలో ఎలక్ట్రోకెమిస్ట్రీ అసలే రాదు. పునాది లేని గోడకు చివర్లో ఎంత సిమెంటు పూసినా నిలబడదు.

మళ్లీ కెమిస్ట్రీ అంతా ఒకే తీరుగా ఉండదు. ఇనార్గానిక్ దాదాపు బయాలజీ లాంటిదే, చదవాలి, మరిచిపోవాలి, మళ్లీ చదవాలి. ఆర్గానిక్‌లో ఎలక్ట్రాన్లు ఎటు పోతాయో పట్టుబడితే సగం బట్టీ తప్పుతుంది. ఫిజికల్ కెమిస్ట్రీయే లెక్కలంటే పారిపోయి వచ్చినవాళ్లను పట్టుకుంటుంది.

నేను మొదటి రోజు ఇచ్చే లెక్క మన నీళ్లదే. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆ హద్దులోనే ఉన్న 5,000 లీటర్ల ట్యాంకర్లో ఫ్లోరైడ్ ఎంత? 7.5 గ్రాములు. ఇక్కడిదాకా అందరూ వస్తారు. ఫ్లోరిన్ పరమాణు భారం 19 కదా, ఎన్ని మోల్స్ అనగానే గది నిశ్శబ్దం. 7.5ను 19తో భాగించడమే, సుమారు 0.39. అయిదో తరగతి భాగాహారమే, భయపెట్టేదల్లా మోల్ అన్న పేరు.

అదే ఫ్లోరైడ్ గురించి బయాలజీ అడిగితే మర్రిగూడ, మునుగోడు వైపు పిల్లలకు పాఠం అక్కర్లేదు. పళ్ల మీద గోధుమ రంగు మచ్చలు, వంగిన ఎముకలు ఇంట్లోనో పక్కింట్లోనో చూసినవాళ్లున్నారు. అయితే ఆ ఫ్లోరైడ్ పంటిలో ఎలా చేరుతుందో చెప్పేది కెమిస్ట్రీ: పంటి ఎనామిల్‌లో ఉండే హైడ్రాక్సీఅపటైట్ అనే ఖనిజంలోని హైడ్రాక్సిల్‌ను ఫ్లోరైడ్ తోసేసి తాను కూర్చుంటుంది. నీటి నుంచి దాన్ని పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్‌తో పట్టి కిందికి దింపే పద్ధతికి మన జిల్లా పేరే ఉంది, నల్లగొండ టెక్నిక్. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) రూపొందించింది. జబ్బు వల్ల వచ్చిన పేరని కొంచెం బాధే అనుకోండి.

మహబూబ్‌నగర్ పిల్లలకైతే వాళ్ల ఊరి పెద్ద మర్రిచెట్టు పిల్లలమర్రి గురించి చెప్తాను. ఊడలంటే కొమ్మల నుంచి దిగిన వేర్లని బోటనీ చెప్తుంది. 2018లో చెదలు పట్టిన ఆ చెట్టుకు సెలైన్ సీసాలు వేలాడదీసి క్లోర్‌పైరిఫాస్ అనే పురుగుమందు ఎక్కించారు. మందు ఏ గాఢతలో కలపాలన్నది కెమిస్ట్రీ. ఆ మందు పురుగు నరాల్లో అసిటైల్‌కోలిన్ అనే, సందేశాలు మోసే పదార్థాన్ని విడగొట్టే ఎంజైమ్‌ను ఆపేస్తుంది, అంటే మళ్లీ జువాలజీకే వచ్చాం.

ఒక్కచోట మాత్రం నా మాట మార్చుకుంటాను. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి ఇంటర్‌లో ఇంగ్లిష్ మీడియానికి మారిన పిల్లలను ముందు దెబ్బకొట్టేది బయాలజీయే. కిరణజన్య సంయోగక్రియ ఫొటోసింథసిస్ అవుతుంది, వృక్కం కిడ్నీ అవుతుంది, అలాంటి మాటలు వందల కొద్దీ. కెమిస్ట్రీలో సోడియం, క్లోరిన్ గుర్తులు ఏ మీడియంలోనైనా అవే. వీళ్లు మొదటి రెండు నెలలు బయాలజీ మాటలకే ఇవ్వాలి, ఆ తర్వాతే మోల్ జోలికి రావాలి. నీట్ తెలుగులో కూడా రాయొచ్చన్న సంగతి కూడా వీళ్లకు ఎవరో ఒకరు చెప్పాలి.

మిగతావాళ్లకు నా లెక్క ఇదీ: మొదటి సంవత్సరం రోజూ కెమిస్ట్రీకి గంటన్నర, పెన్నూ కాగితంతో. బయాలజీకి గంట, ఎక్కువగా బొమ్మలు గీస్తూ. రెండో సంవత్సరం దసరా సెలవుల తర్వాత దీన్ని తిరగేయండి. అగ్రికల్చర్ బీఎస్సీ ఒక్కటే లక్ష్యమైతే అంతకంటే ముందే తిరగేసినా తప్పులేదు.